మచ్చలేని పదకొండు మొక్కలు

ఆ ఏడు ఆగస్టులో జిల్లా అంతా వాన కోసం ఎదురుచూస్తోంది. ఓబుళేసు కూడా ఎదురుచూస్తున్నాడు. కాకపోతే అతనికి వాన కావలసింది రోగం కోసం. ఈ మాట పైకి అనలేడు. అంటే శింగనమల బస్సులో పక్కనున్నవాడు లేచిపోయి వేరే సీటు చూసుకుంటాడు.

అనంతపురం నుంచి శింగనమల పోయే దారిలో ద్రాక్ష స్కీము ఒకటి ఉంది. అతను అందులో పరిశోధన సహాయకుడు. స్కీము అంటే ఎనిమిదెకరాల ఎర్రనేల, ఒక బావి, ఒక రేకుల గది, ముగ్గురు కూలీలు, పైనుంచి వచ్చే ఉత్తరాలు. ఉత్తరాల్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఇంకా ఎన్నాళ్లు?

ఎన్నాళ్లని చెప్పడం అతని చేతిలో లేదు. ద్రాక్షకు మచ్చ తెగులు అని ఒకటి వస్తుంది. వాన పడగానే లేత ఆకు మీద సూదిమొనంత తడి చుక్క కనిపిస్తుంది. వారం తిరిగేసరికి అది నల్లబడుతుంది, ఆకు ఎండుతుంది, కొమ్మ పగులుతుంది, గుత్తి పందిరి మీదే వడలిపోతుంది. కంటికి కనబడని బ్యాక్టీరియా చేసే పని అది. మందు కొడితే రెండు వానలకు మందు కొట్టుకుపోతుంది, తెగులు ఉండిపోతుంది. దానికి సొంత కాళ్లు లేవు. చినుకు మీద ఎక్కి పక్క ఆకుకు పోతుంది, కత్తెర మీద ఎక్కి పక్క ఊరికి పోతుంది.

మొదట్లో ఓబుళేసు కత్తెరనే ఆపాలనుకున్నాడు. అది డెబ్భై ఆరో సంవత్సరం. తోటల్లో కొమ్మలు కత్తిరించే ముఠాకు బయ్యన్న పెద్ద. కంబదూరు దాకా నలభై తోటలు అతని చేతి మీదుగా పోతాయి. ఓబుళేసు ఒక డబ్బాలో మందు కలిపి తీసుకుపోయి, ఒక్కో చెట్టు కోయగానే కత్తెరను ఇందులో ముంచాలని చెప్పాడు.

"ఏమప్పా, నా కత్తెరకు జొరమొచ్చిందా?" అన్నాడు బయ్యన్న.

"కత్తెరకు కాదన్నా. రోగమున్న చెట్టు రసం దానికి అంటుకుంటాది. అదే ఇంకో చెట్టుకు పోతాది."

"పదేండ్లుగా కోస్తాండా. నా చేతి మీద ఒక్క తోట సచ్చిందని ఎవరన్నా చెప్పినారా?"

చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నవ్విన వాళ్లలో ముగ్గురి తోటలు అప్పటికే పోయాయి. బయ్యన్న డబ్బాను మర్యాదగానే తీసుకున్నాడు. మరుసటి నెల ఓబుళేసు వెళ్లి చూస్తే, అదే డబ్బాను తోమి అందులో మజ్జిగ తెచ్చుకుంటున్నాడు.

ఆ రోజుతో ఓబుళేసు మనుషులను వదిలేసి మొక్కలను పట్టుకున్నాడు. మొక్క ఎదురు మాట్లాడదు. తీపి ఉండి ఒంట్లో బలం లేని అనాబెషాహి రకం పూలకు, పులుపైనా దేనికీ లొంగని బెంగళూరు బ్లూ రకం పుప్పొడి అద్దాడు. ఒక్కో పూగుత్తికి కాగితం సంచి కట్టి, గింజలు తీసి, మొలిపించి, మూడేళ్లకు నూట నలభై మొక్కలు నిలబెట్టాడు. వాటిలో ఒక్కటి తెగులును తట్టుకున్నా చాలు. ఆ తీగ ముక్కలు నాటుకుంటే ఇక ఎవరినీ బతిమాలే పని లేదు. కత్తెర ముంచమని, ముంచావా అని, ఎందుకు ముంచలేదని ఎవరినీ అడగక్కర్లేదు. అందరూ అతనికి మొక్కలంటే ప్రాణం అనుకునేవారు. అది మొక్కల మీద ప్రేమ కాదని, మనుషుల మీద విసుగని అతనికి తెలుసు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో అప్పుడప్పుడు ఆ విషయం కనబడేది. మొహం కడుక్కుని మరిచిపోయేవాడు.

పరీక్ష ఏమంటే, ప్రతి రెండు వరుసల మధ్య ఒక వరుస రోగపు చెట్లు పెట్టాడు. వాన పడితే వాటి నుంచి తెగులు చిమ్మి కొత్త మొక్కల మీద పడాలి. వాన రాలేదు. ఒక ఏడు రాలేదు, రెండో ఏడూ రాలేదు. కరువులో అన్ని మొక్కలూ నిక్షేపంగా ఉన్నాయి. ఏది తట్టుకునే రకమో, ఏది అదృష్టం కొద్దీ బతికిందో తెలిసే దారి లేదు. ఇక లాభం లేదని ఎనభై ఒకటి ఆగస్టులో బావి నీళ్లు పెట్టి తనే వాన కురిపించడం మొదలుపెట్టాడు. పొద్దున కరెంటు ఉన్న అరగంట, గొట్టం పట్టుకుని రోగపు ఆకుల మీదా కొత్త ఆకుల మీదా చల్లేవాడు.

కూలీల్లో గంగక్క పెద్దది. యాభై దాటింది. పని అయ్యాక ఆ బావిలోనే రెండు బిందెలు తోడుకుని ఊరికి నడుస్తుంది. మొదటి రోజు గొట్టం చూసి ఆగిపోయింది.

"ఏమి సారూ, రోగానికి నీళ్లు పోస్తాండావా?"

"పరీక్ష గంగక్కా. ఏ మొక్క తట్టుకుంటాదో చూడల్ల."

"తట్టుకునేది చూడల్లంటే మా ఊరికి రా. ఆడ మనుసులే తట్టుకుంటాండారు."

అతను గొట్టాన్ని పక్క చెట్టు మీదికి తిప్పాడు.

సెప్టెంబరు సగానికి ఫలితం వచ్చింది. నూట ఇరవై తొమ్మిది మొక్కలకు మచ్చలు పడ్డాయి. పదకొండు శుభ్రంగా ఉన్నాయి. పదకొండూ బావి పక్క వరుసలోనే ఉన్నాయి. ఆ సంగతి అతనికి మొదటి రోజే కనబడింది. కనబడగానే మనసు ఒక కారణం తెచ్చి చేతిలో పెట్టింది: ఒకే గుత్తి గింజలు, అక్కచెల్లెళ్లు, ఒకే గుణం వచ్చి ఉంటుంది. ఆ కారణం బాగుంది. దాన్ని తిప్పి చూడలేదు.

పద్దెనిమిదో తేదీన ఉత్తరం వచ్చింది. పన్నెండు రోజుల్లో కమిటీ వస్తుంది. పనికొచ్చే రకం కనబడితే మరుసటి ఏడు రైతులకు తీగ ముక్కలు పంచుతారు, స్కీము నడుస్తుంది. లేదంటే ద్రాక్ష పీకేసి శెనక్కాయ వేస్తారు.

ఉత్తరం జేబులో పెట్టుకుని ఓబుళేసు బావి వరుసలోకి పోయాడు. తన పదకొండు మొక్కలను ఒకసారి తాకాలనిపించింది. మూడో మొక్క దగ్గర చేయి ఆగింది. రాలిన ఆకు తొడిమతో సహా రాలుతుంది. ఇక్కడ సగం తొడిమ కొమ్మకే ఉంది. దాని కింద ఇంకొకటి. నాలుగో మొక్కకు ఏడు. ఐదో మొక్కకు లెక్క పెట్టడం మానేశాడు.

"గంగక్కా!"

ఆమె చేతిలో గడ్డపోచలతోనే వచ్చింది.

"ఈ ఆకులు ఎవరు పీకినారు?"

"నేనే."

"ఎందుకు?"

"మచ్చ పడినాది, పీకినా. కొంగులో ఏసుకోని పోయి పొయ్యిలో ఏసినా."

"నిన్ను ఎవరు పీకమన్నారు?"

"పిల్ల తలలో పేలు పడితే తియ్యమని ఎవరన్నా చెప్పల్లనా?"

"ఎన్నాళ్లుగా?"

"చవితి ముందర నుంచి. పని చేసేతప్పుడు కత్తెర గూడా ఉడుకునీళ్లలో ముంచుతాండా. ఎంగిలి గదా."

ఓబుళేసుకు నవ్వు రాలేదు. ఐదేళ్ల కిందట నలభై తోటలు తిరిగి చెప్పినా ఒక్కడు చేయని పని, ఈమె ఎవరూ చెప్పకుండా, చేయకూడని ఒకే ఒక్క చోట చేసింది.

"మరి తక్కిన వరసలు? వాటి మీద దయ లేదా?"

"నాకుండేది రెండు చేతులు. ఈ వరస బావి కాడ ఉండాది. నీళ్లకొచ్చినప్పుడంతా ఒక చూపు చూస్తా."

అప్పుడు అతను అరిచాడు. ఏమేమి అరిచాడో తర్వాత అతనికే గుర్తు లేదు. పరీక్ష అన్నాడు, ఐదేళ్లు అన్నాడు, చావాల్సినవి చావనీయాలి అన్నాడు, నీకు పని ఎవరిచ్చారు అన్నాడు. చివరి మాటకు గంగక్క మొహం మారింది. గడ్డపోచలు కింద పెట్టి చేతులు కట్టుకుంది. "ఆ వంకర కట్టె కాడుండే తీగను మాత్రం నేను ముట్టలే," అంది.

"ఎందుకు?"

"దానికి మచ్చే పడలే. ఏమి పీకేది?"

వంకర కట్టె దగ్గరున్నది ఆ వరుసలోదే, అరవై మూడో నంబరు. ఓబుళేసు దాని కొమ్మలన్నీ ఎత్తి చూశాడు. సగం తొడిమ ఒక్కటీ లేదు.

పన్నెండు రోజుల్లో ఒక్క మొక్కనైనా నిజంగా పరీక్షించవచ్చు. రోగపు ఆకులు నూరి, ఆ రసంలో కత్తెర ముంచి, అరవై మూడో మొక్క లేత కొమ్మలను తనే కోశాడు. పైన తడి గోనెపట్టా కప్పాడు. ఈ చుట్టుపక్కలకు రావద్దని గంగక్కకు చెప్పి, రేకుల గదిలోని కుర్చీ తెచ్చి మొక్క పక్కన వేసుకున్నాడు. అక్కడే కూర్చుని రిజిస్టరు రాశాడు, అక్కడే సంగటి తిన్నాడు. గంగక్క దూరంలోనే బిందె దించి, "కాపలా బాగుండాది సారూ, తీగ యాడికన్నా లేచిపోతాదేమో," అని పోయేది.

తొమ్మిదో రోజు పొద్దున పట్టా ఎత్తాడు. చిగుళ్లు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. ఒక్కొక్క ఆకే చూస్తూ వచ్చాడు. శుభ్రం, శుభ్రం, శుభ్రం. అడుగున ఒక ఆకు, దాని అంచున ఒక చుక్క. సూదిమొనంత.

ఆ తర్వాత ఆకు అతని చేతిలో ఉంది.

చేయి ఎప్పుడు చాచాడో అతనికి తెలియలేదు. ఆలోచన వచ్చి చేయి కదిలిందా, చేయి కదిలాక ఆలోచన వచ్చిందా అని చాలాసేపు వెతికాడు. గంగక్క జాలి పడి పీకింది. తను జాలి కూడా పడలేదు. అతని కళ్లు ముందే 'శుభ్రం' అని రాసేసుకున్నాయి, చేయి ఆ రాతకు అడ్డం వచ్చినదాన్ని తీసేసింది, అంతే. ఆ చుక్క చుక్కగానే ఆగిపోయి ఉంటే మొక్క గెలిచినట్టు. రేపటికి ఆకంతా పాకి ఉంటే ఓడినట్టు. రెండింట్లో ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. ఐదేళ్లు వెతికిన జవాబు కొమ్మ మీద ఉన్నప్పుడు ఆగలేకపోయాడు. ఆకును రిజిస్టరు మధ్యలో పెట్టాడు. 'పరిశీలన' అన్న గడి ఖాళీగా వదిలేశాడు.

కమిటీ జీపులో వచ్చింది. ముగ్గురు. పెద్దాయన నెత్తిన తెల్ల టోపీ, చేతిలో రుమాలు. రోగపు వరుసలు చూసి మొహం చిట్లించాడు, బావి వరుస చూసి మొహం విప్పాడు.

"పక్కనే ఇంత తెగులు ఉంటే ఇవి ఇలా ఉన్నాయా! చాలా బాగుందయ్యా. పదకొండు రకాలు చిన్న విషయం కాదు." గంగక్క వైపు తిరిగి సరదాగా అడిగాడు. "ఏమమ్మా, నువ్వేమైనా చాటుగా మందు కొట్టావా?"

గంగక్క చేతులు కట్టుకుంది. "నేనేమీ చేయలే సారూ. ఒక్క ఆకు ముట్టలే. దేవుని తోడు."

ఓబుళేసు ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. పని పోతుందని అతనే కదా అరిచాడు. ఇప్పుడు ఆమె ముట్టిందని చెబితే, ఈ టోపీ పెద్దాయన జీపెక్కేలోగా ఆమె పని పోతుంది. చెప్పకపోతే పదకొండు అబద్ధాలు కట్టలు కట్టి ఊరూరికీ పోతాయి. రైతులు నమ్మి నాటుకుంటారు. ఏదో ఒక ఏడు వాన పడకపోదు. అప్పుడు బయ్యన్న తన కత్తెర తీసుకుని ఒక తోట నుంచి ఇంకో తోటకు నడుస్తాడు.

"ఆకులు పీకింది నేనే సార్," అన్నాడు.

పెద్దాయన రుమాలు ఆగింది. "నువ్వా?"

"మచ్చ పడినవి పీకేశాను. ఈ వరుసంతా. ఇవి తట్టుకున్న మొక్కలు కావు."

"ఎందుకు పీకావు? పరీక్ష పెట్టిందే నువ్వు కదా?"

"చేయి ఆగలేదు సార్."

రిజిస్టరు తెరిచి, మధ్యలో ఉన్న ఆకు చూపించాడు. అబద్ధం చెబుతూ చూపించిన ఆ ఒక్క ఆకు మాత్రం నిజం. పెద్దాయన దాన్ని చూడలేదు. ఇంత చదివి ఇదేం పనయ్యా అని ఒకసారి, ప్రభుత్వం నీళ్లు, కరెంటు అని ఒకసారి అన్నాడు. వచ్చే వానాకాలానికి పొలమంతా శెనక్కాయ అని తేల్చేశాడు. బావి వరుస ఒక్కటి అప్పటిదాకా ఉంచుకోనివ్వమని ఓబుళేసు అడిగితే, మోటారు ఇవ్వనని, బిందెలతో పోసుకొమ్మని చెప్పాడు.

జీపు ఎక్కబోతూ వాళ్లలో కుర్రవాడైన మూడో మనిషి వెనక్కి వచ్చాడు. "పక్కన రోగపు చెట్లు ఉన్నా వట్టి ఆకులు పీకితేనే తెగులు ఇంత ఆగిందా?"

"కత్తెర కూడా వేడినీళ్లలో ముంచుతూ ఉండాలి."

"అయితే అది రాయండి. ఎన్ని రోజులకొకసారి, ఎలా పీకారు, అంతా వివరంగా. మీరే చేశారు కదా."

దుమ్ము లేచింది, జీపు పోయింది. ఓబుళేసు కుర్చీలో కూలబడ్డాడు. తట్టుకునే తీగ కోసం ఐదేళ్లు పని చేస్తే, రాయమన్నది కత్తెర కడగడం గురించి.

గంగక్క దగ్గరికి వచ్చింది. "ఎందుకప్పా అట్ల చెప్పినావు? నేను బాగ చెప్పినా గదా. ఆయప్ప మెచ్చుకుంటాండె."

"నువ్వు అబద్ధం చెప్పినావు."

"నువ్వు చెప్పలేదా?"

అందులో ఒక ఆకు నిజమని ఆమెకు తెలియదు. రిజిస్టరులో కొత్త పేజీ తిప్పాడు.

"గంగక్కా, నువ్వు ఎట్ల పీకినావో చెప్పు. మొదట ఏ ఆకు, ఎన్నాళ్లకొకసారి, అంతా."

"ఆకు పీకేది గూడా రాసుకుంటారా?"

"రాసుకుంటారు. చెప్పు."

"దాంట్లో నా పేరు రాస్తావా?"

"రాయను. భయపడొద్దు. నేనే పీకినానని రాస్తా."

గంగక్క బిందె చంకనెత్తుకుంది. "నీ పేరు రాసుకునేదానికి నేనెందుకు చెప్పాల? నువ్వే పీకినావు గదా, గుర్తు తెచ్చుకో."

"ఏమక్కా నువ్వు," అన్నాడు ఓబుళేసు. పెన్నుకు మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. "సరే, నీ పేరే రాస్తా. కూచో."

"పని పోదు గదా?"

"ఇంగ యాడి పని. ఉండేది ఒక వరస. ఇద్దరం బిందెలు మోయల్ల."

ఆమె బిందె దించి, గట్టు మీద కూర్చుంది. "రాసుకో," అంది. "పొద్దున పీకగూడదు. ఆకు మింద తేమ ఉంటాది."

ఓబుళేసు తల ఎత్తి ఆమె వైపు చూశాడు. తెగులు తడి మీద పాకుతుందని అతను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. రాసుకున్నాడు.