తనంతట తాను కదిలిన బాణం

ఆ ఆఫీసులో అతన్ని అందరూ తాళాలాయన అనేవాళ్లు. చెప్పాలంటే అతని దగ్గర ఒక్క తాళంచెవి కూడా ఉండేది కాదు. ఊరికి నీళ్లిచ్చే గొట్టాలు ఏ వీధిలో ఎంత లోతున పాతారో, ఏ మలుపులో వాల్వు ఉందో పటాలు గీసి పెట్టే ఆఫీసు అది. పటాలు గీసే కంప్యూటర్లు పద్నాలుగూ యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచేవి. వాటి ఆలనాపాలనా అతనిది. ఎవరైనా పాస్‌వర్డును చీటీ మీద రాసి తెరకు అంటించుకున్నారో, అయిపోయారే. ఆ చీటీ పీకి హాలంతా వినబడేలా చదివేవాడు. "ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీస్తారా మీరు?" అని నిలదీసేవాడు. అలా పడింది ఆ పేరు. పైకి విసుక్కునేవాడు గానీ, లోపల ఆ పేరంటే అతనికి గర్వమే.

పటాలు గీసేవాళ్లలో పెద్దామెను అందరూ పెద్దక్క అనేవాళ్లు. ఇంకు పెన్నుతో కాగితం మీద గీసే రోజుల నుంచీ ఆవిడ అక్కడే ఉంది. పెద్దక్క గీసిన పటమైతే కళ్లు మూసుకుని గడ్డపార వేయొచ్చని ఫిట్టర్లు అనుకునేవాళ్లు.

ఆవిడ భర్తకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. రెండు నెలలపాటు పొద్దున పూట ఇంటి నుంచే పని చేసుకుంటానని పెద్దాఫీసరును అడిగింది. ఆయన సరేనన్నాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఆ ఏర్పాటు చేసే పని తాళాలాయన మీద పడింది.

ఆఫీసులో ఉన్న కంప్యూటరు తెర ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కనబడాలి. అక్కడ మౌసు కదిపితే ఇక్కడ బాణం కదలాలి. అంతే. ఆ పని చేసే ప్రోగ్రాము పేరు వీఎన్‌సీ. దాన్ని పెట్టడం పావుగంట పని, భద్రంగా పెట్టడం మరో గంట పని. భద్రంగా అంటే, ఆ ప్రోగ్రాము బయటి పిలుపు ఏదీ వినకూడదు. సొంత యంత్రం లోపలి నుంచి వచ్చే పిలుపు ఒక్కటే వినాలి. బయటి నుంచి వచ్చే మనిషి ముందు ఎస్ఎస్‌హెచ్ అనే సొరంగంలో, తనకు మాత్రమే ఇచ్చిన కీ చూపించి దూరి రావాలి. ఇదంతా అతనికి ఎక్కాల కన్నా బాగా వచ్చు. కానీ ఆరింటి బస్సు తప్పితే మళ్లీ ముప్పావుగంట నిలబడాలి. బయటివాళ్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో తిన్నగా ఒక కన్నం పెట్టి, ప్రోగ్రామును వీధికి ఎదురుగా కూర్చోబెట్టాడు. పాస్‌వర్డు అడిగితే ఇంగ్లీషు అక్షరాల్లో 'నీళ్లు' అని కొట్టి, పక్కన ఒకటి, రెండు, మూడు చేర్చాడు. ఆ ప్రోగ్రాము మొదటి ఎనిమిది అక్షరాలే చూస్తుంది. అంటే చివరి '3' అంకె వట్టి అలంకారమే. అదీ అతనికి తెలుసు.

"సోమవారం సరిచేద్దాంలే" అనుకుని బస్సెక్కాడు.

సోమవారం వచ్చింది, పోయింది. అలాంటి సోమవారాలు మరో రెండు పోయాయి.

బుధవారాలు అందరూ హాల్లో కూర్చుని వారం పని మాట్లాడుకునేవాళ్లు. ఆ రోజు మాత్రం పెద్దక్క పొద్దున్నే ఆఫీసుకు వచ్చేది. మూడో వారం ఆవిడ చెయ్యెత్తింది.

"తమ్ముడూ, నేను మౌసు వదిలేసినా తెర మీద బాణం కదులుతోంది. నిన్న తనంతట తాను మెనూ తెరిచింది. ఒకసారి చూస్తావా?"

"మీ ఇంట్లో పిల్లి ఉందా పెద్దక్కా?" అన్నాడు తాళాలాయన.

అందరూ నవ్వారు.

"పిల్లి లేదయ్యా. నా రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి, అది కదిలింది."

"అయితే దయ్యమే. దయ్యాలకు నా దగ్గర మందు లేదు. ముందు ఓసారి కళ్లు చూపించుకోండి."

ఈసారి హాలు హాలంతా ఘొల్లుమంది. పెద్దక్క కూడా నవ్వింది గానీ, అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వింది. ఎవరెప్పుడు లోపలికి వచ్చారో యంత్రం రాసిపెట్టే లాగ్ తెరిచి చూడటానికి అతనికి రెండు నిమిషాలు పట్టేది. చూడలేదు.

ఆ తర్వాతి వారం ఫిట్టర్లు ఒక వీధిలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తవ్వినా వాల్వు దొరకలేదు. పటంలో రోడ్డుకు ఎడమవైపు ఉంది, నేలలో కుడివైపు ఉంది. తవ్వే తొందరలో పెద్ద గొట్టానికి గునపం తగిలి మూడు వీధులకు నీళ్లు ఆగిపోయాయి. జనం బిందెలతో, బకెట్లతో ఆఫీసు ముందు నిలబడ్డారు.

పెద్దాఫీసరు పటం తెప్పించాడు. పెద్దక్క చూసి, "ఇది నేను పెట్టిన చోటు కాదండీ" అంది.

"మీ పేరు మీదే సేవ్ అయింది కదమ్మా?" అన్నాడాయన. తర్వాత తాళాలాయన వైపు తిరిగాడు. "యంత్రంలో ఏమైనా లోపం ఉండొచ్చంటారా?"

"యంత్రం బాగానే ఉందండీ." అడగడమే ఆలస్యం అన్నట్టు వచ్చింది ఆ జవాబు.

ఆ వారాంతానికే పెద్దక్కను పాత పటాల గదికి మార్చారు. ఇంటి నుంచి పని కూడా ఆపేశారు. పొద్దున పూట భర్తను చూసుకోవడానికి చెల్లెల్ని పిలిపించుకుందట. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. గీతలు గీసే చిన్న స్కేలూ, కళ్లజోడు డబ్బా తీసుకుని కింది అంతస్తుకు దిగిపోయింది.

ఇక ఆ ఏర్పాటుతో పని లేదని, దాన్ని తీసేయడానికి తాళాలాయన పెద్దక్క కుర్చీలో కూర్చున్నాడు. తీసేసే ముందు లాగ్ తెరిచాడు, అలవాటు కొద్దీ. పెద్దక్క ఇంటి ఇంటర్నెట్ అడ్రసు పొద్దున తొమ్మిదికి లోపలికి వచ్చింది. తొమ్మిదీ నలభైకి ఇంకో అడ్రసు వచ్చింది. అది ఈ దేశానిది కూడా కాదు. మరునాడూ అదే, ఆ తర్వాతి రోజూ అదే. పదకొండు రోజులు. ఎవరో, దారిన పోతూ చేతికందిన ప్రతి తలుపూ తోసి చూసే రకం. దొంగిలించడానికి ఏమీ దొరక్క, బొమ్మలు అటూ ఇటూ లాగి ఆడుకుని పోయినట్టుంది. వాల్వు ఎడమవైపుకు జరిగిన రోజు కూడా ఆ వరుసలో ఉంది.

అతని చెవులు వేడెక్కాయి. తల ఎత్తి చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరి పనిలో వాళ్లున్నారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ఆ తర్వాతి గంటలో అతను చేసిన పని మాత్రం ఎవరూ వంక పెట్టలేనిది. ఫైర్‌వాల్‌లో కన్నం మూశాడు. పద్నాలుగు యంత్రాల్లోనూ వీఎన్‌సీ బయటి పిలుపులు వినకుండా కట్టాడు. సొరంగంలోంచి, కీ ఉంటేనే దారి అన్నాడు. పాస్‌వర్డులన్నీ మార్చాడు. బస్సు కోసం ఆ శుక్రవారం మిగుల్చుకున్న గంట అది. ఎవరికీ చెప్పలేదు.

లాగును అతను తుడవలేదు, అది నిజం. కానీ రాయడం ఆగిన లాగు నాలుగు వారాల తర్వాత దానంతటదే చెరిగిపోయేలా ఆ యంత్రాల్లో ఏర్పాటుంది. అతను వేలు కదపనక్కర్లేదు, నోరు కదపకుండా ఉంటే చాలు. నేనేం చెరపలేదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

అన్నం దగ్గర భార్య అడిగింది. "ఏంటండీ, ఈ మధ్య మాట పలుకూ లేదు?"

"ఆఫీసులో పని ఎక్కువైంది."

"ఆ పెద్దావిడ ఎలా ఉంది? కళ్లు కనబడటం లేదన్నారుగా, పాపం."

కళ్ల మాట ఇంటికి మోసుకొచ్చింది తనే. అక్కడా నవ్వించాడు. కలిపిన అన్నం కంచంలోనే వదిలేశాడు. మంచినీళ్లు తాగి లేచిపోయాడు.

ఇరవైమూడో రోజున ఒక పాత పటం కోసం కింది గదికి వెళ్లాల్సి వచ్చింది. వేరేవాళ్లను పంపుదామని చూశాడు, కుదరలేదు. బీరువాల మధ్య చిన్న బల్ల దగ్గర పెద్దక్క ఒక జేబు పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. అతన్ని చూసి, "రా తమ్ముడూ, కూర్చో" అంది ఎప్పటిలాగే.

"ఏం రాస్తున్నారు?"

ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "ఏం లేదులే. చేసిన పని చేసినట్టు రాసి పెట్టుకుంటున్నా. పదింపావుకు నాలుగో బీరువా తెరిచాను, పదిన్నరకు మూశాను, ఇలా. సాయంత్రం బీరువాలు చూసి సరిపోల్చుకుంటా. నువ్వు చెప్పావని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను కదా. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు. కళ్లు బాగుంటే మరి పాడైంది ఏది?" నుదుటి మీద వేలితో తట్టుకుంది. "మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ముందు లేనివి కనబడ్డాయి. చివరికి మేము కనబడకుండా పోయాం."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏ పటం కోసం వచ్చాడో గుర్తు రాలేదు.

"అక్కా, బాణం నిజంగానే కదిలింది."

"ఏంటీ?"

"మీరు చూసింది నిజం. ఎవరో బయటివాళ్లు మీ కంప్యూటర్లోకి వచ్చారు. నేను తలుపు తెరిచి వదిలేశాను. బస్సుకు టైమైపోతోందని. వాల్వు జరిపింది కూడా వాళ్లే."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ముఖం నిండా వెలుగొచ్చింది. "అయితే నాకేం కాలేదా?" అంది. "నా మతి బాగానే ఉందా తమ్ముడూ?"

తిడుతుందని సిద్ధపడి చెప్పిన మనిషి అతను. ఆ సంతోషాన్ని చూడలేక తల వంచుకున్నాడు. ఆవిడ రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. చేతులు తీశాక గొంతు మారింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇరవైమూడు రోజులైంది."

పెద్దక్క పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పింది. వేలు ఒకచోట ఆపి, పైకి చదివింది. "గురువారం. పొద్దున్నే ఆయన పేరు, పిల్లల పుట్టిన రోజులు, ఇంటి నంబరు చెప్పుకున్నాను. అన్నీ వచ్చాయి. స్టవ్వు ఆపానా లేదా అని వీధి చివరి నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చాను." పేజీ తిప్పింది. "శుక్రవారం. మూడుసార్లు." ఇంకో పేజీ తిప్పబోయి ఆగిపోయింది.

"చదవండి అక్కా" అన్నాడు అతను. అది తనకు పడాల్సిన శిక్ష అనిపించింది.

"ఎందుకు చదవాలి? నీ బరువు దించడానికా?" పుస్తకం మూసేసింది. "నాకు చెప్పావు, బాగానే ఉంది. కానీ నువ్వు నవ్వింది నా ఒక్కదాని ముందు కాదు. ఎక్కడ నవ్వావో అక్కడ చెప్పు."

లాగు చెరిగిపోవడానికి ఇంకా అయిదు రోజులున్నాయి. అతను పైకి వెళ్లి ఆ లాగును కాగితాల మీదికి ఎక్కించాడు. బుధవారం హాల్లో నిలబడి మొదట్నుంచీ చెప్పాడు. బస్సు సంగతి, పాస్‌వర్డు సంగతి, కళ్లు చూపించుకోమన్న సంగతి, యంత్రం బాగానే ఉందన్న సంగతి. పాస్‌వర్డు చెప్పినప్పుడు ఎవరైనా నవ్వితే బాగుండుననుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒకప్పుడు అతను చీటీ పీకి చదివిన గుమాస్తా ఒకామె తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. అతని మీద జాలిపడి చూపు తప్పించిందని అర్థమై, నిలబడ్డచోటే కుంచించుకుపోయాడు.

పెద్దాఫీసరు కాగితాలు చివరిదాకా చదివాడు. "మీరు తలుపు తెరిచిపెట్టడం పొరపాటండీ. తెలిశాక ఊరుకున్నారు చూడండి, దాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు" అన్నాడు. యంత్రాల పెత్తనం ఆ రోజే వేరేవాళ్లకు వెళ్లింది. అతనికి ఉద్యోగం మిగిలింది గానీ, ఏ మార్పు చేసినా ఇంకొకరు చూసి సంతకం పెట్టాకే అన్నారు. తాళాలాయన అని పిలవడం ఎవరూ చెప్పకుండానే అందరూ మానేశారు.

పెద్దక్కకు తన కుర్చీ తనకొచ్చింది. ఇంటి నుంచి పని చేసుకునే అనుమతీ వచ్చింది. ఏర్పాటు చేయడానికి ఎవరిని పంపమంటారని అడిగితే, అతన్నే పంపమంది.

వాళ్ల ఇంటి ముందుగదిలో మంచం మీద భర్త దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పెద్దక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ప్రతి మెట్టుకూ అడిగింది. ఇదెందుకు, ఇది లేకపోతే ఏమవుతుంది, కీ పోగొట్టుకుంటే ఎవరికి చెప్పాలి. అతను ఒక్కొక్కటే చెప్పాడు. కీకి రహస్యపదం కొట్టేటప్పుడు, "అటు తిరుగు" అంది. అతను గోడవైపు తిరిగాడు.

"ఇప్పుడు బయటివాడిలా రా, చూద్దాం."

అతను తన ఫోన్లోంచి పాత దారిన ప్రయత్నించాడు. తలుపు లేదు. సొరంగం దారిన ప్రయత్నించాడు. కీ లేదని వెనక్కి నెట్టేసింది.

"మళ్లీ" అంది ఆవిడ. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ నెట్టేసింది.

మంచం మీది పెద్దాయన సంతోషపడ్డాడు. "మా ఆవిడ కోసం ఇంత దూరం వచ్చి ఇంత ఓపిగ్గా చేస్తున్నారు బాబూ. ఈ మధ్య ఆఫీసులో ఏదో ఇబ్బందైందని, కింది గదికి మార్చారని అంది గానీ, ఏమైందో చెప్పదు. మీకేమైనా తెలుసా?"

అతను పెద్దక్క వైపు చూశాడు. ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "అడుగుతున్నారు కదా, చెప్పు" అంది.

రెండుసార్లు చెప్పాను కదా, ఈసారి నోరు తిరుగుతుందనుకున్నాడు. తిరగలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, "తప్పు నాదండీ" అని మొదలుపెట్టాడు.