ఫెయిలవ్వాల్సిన పరీక్ష

ఫెయిలవ్వాల్సిన పరీక్ష కోసం మూడు వారాలు కూర్చుని చదివిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ మనిషితోనే కాపురం చేస్తున్నాను.

మా ఆయన వెర్నర్ ఇళ్లకు రంగులు వేస్తాడు. పదిహేనో ఏట పనిలో చేరాడు. మా ఊరు హోర్సెన్స్‌లో అతని బ్రష్షు తగలని వీధి లేదు. గోడలూ తలుపులూ ఒక ఎత్తు, మెట్ల గదులు ఒక్కటే ఒక ఎత్తు. చలికాలంలో కొత్త అపార్టుమెంట్ల మెట్లకు వార్నిషు వేస్తే అది ఆరి చావదు. అందుకని కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలు కట్టేసి, హీటర్లు పెట్టి, వార్నిషులో కలిపే థిన్నర్ ఆవిరిలోనే ఎనిమిది గంటలు పనిచేస్తారు. గాలి వస్తే దుమ్ము పడుతుంది, దుమ్ము పడితే మేస్త్రీ తిడతాడు. మనిషి పాడైతే మాత్రం ఏమీ అనడు. రోజుకు తలా ఒక లీటరు పాలు ఇప్పిస్తాడు. పాలు తాగితే విషం విరుగుతుందని వాళ్ల నమ్మకం. వాళ్ల నాన్నలూ తాగారట, తాతలూ తాగారట. ఆ తాతలు చివరి రోజుల్లో సొంత పిల్లల పేర్లు కూడా తడుముకునేవాళ్లన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

వెన్న తెమ్మని పంపితే వెర్నర్ ఈస్టు తెస్తాడు. సైకిలు మీద వెళ్తాడు, నడిచి వస్తాడు, మర్నాడు సైకిలు ఎవడో ఎత్తుకుపోయాడని పోలీసుల దగ్గరికి బయలుదేరతాడు. ఒకసారి నెల క్రితం పూర్తి చేసిన ఇంటికే పొద్దున్నే వెళ్లి, శుభ్రంగా ఆరిన తలుపుకి మళ్లీ పూత మొదలుపెట్టాడు. ఇంటావిడ తలుపు తీసేసరికి ఆవిడ ముక్కుకి రంగంటింది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. అల్మారాలన్నిటికీ చీటీలు అంటించాను. అతని తెల్ల ఓవరాల్‌కి లోపలివైపు ఒక జేబు కుట్టి, ఆ రోజు ఎక్కడికెళ్లాలో, ఏం చెయ్యాలో రాసి అందులో పెట్టి పంపేదాన్ని. ఎవరైనా ఏదైనా అడిగితే అతను నోరు తెరిచేలోపు నేనే జవాబు చెప్పేసేదాన్ని. అలా పదేళ్లు గడిపాను. బయటివాళ్లకు వెర్నర్ కాస్త నెమ్మది మనిషి, వాళ్లావిడ కాస్త నోరున్న మనిషి, అంతే.

అంతేనా అంటే, ఇంకొకటి కూడా అనుకునేవాళ్లు. నేను బేకరీలో కౌంటరు దగ్గర నిలబడతాను, ఊరి కబుర్లన్నీ నా చెవిన పడతాయి. మా వీధి చివర ఉండే డామ్‌గోర్ గారి భార్య ఒకరోజు బన్నులు కట్టించుకుంటూ అంది.

"నిన్న మీ ఆయన సైకిలు మీంచి పడబోయాడు ఆస్టా. సాయంత్రం నాలుగింటికే మొదలెడుతున్నాడా, పాపం?"

"నాలుగింటికెందుకండీ, పొద్దున ఏడింటికే మొదలెడతాడు. వార్నిషు."

ఆవిడ నేను సరదాగా అన్నాననుకుని నవ్వింది. నిజానికి వెర్నర్ క్రిస్మస్‌కి కూడా చుక్క ముట్టడు. ఒక్క గ్లాసు పడితే రెండు రోజులు మంచం దిగలేడు. ఆ సంగతి మా డాక్టరుకి చెప్పాను. ఆయన తలూపి, కాగితం మీద 'మద్యం' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. అది నేను తలకిందులుగానే చదివాను. ఒళ్లు మండింది.

ఇలాంటి వెర్నర్‌లు దేశమంతా ఉన్నారని మాకు చెప్పినవాడు ఎగాన్. అతనూ పెయింటరే, యూనియన్ పనులు చూసేవాడు. ఒక ఆదివారం మా వంటింట్లో కూర్చుని విషయం విడమరిచాడు.

"వదినా, ఆసుపత్రిలో ఒక పరీక్ష పెడుతున్నారు. మాటలు చదివి తిరిగి చెప్పమంటారు, బొమ్మలు గీయమంటారు. థిన్నర్ వల్ల మెదడు దెబ్బతిందని తేలితే ఇక వార్నిషు పని చెయ్యక్కర్లేదు, భృతి ఇస్తారు. తేలకపోతే ఆ భృతి చూసే మున్సిపాలిటీ వాళ్లు ఒంట్లో బానే ఉంది పనికి పో అంటారు. ఇంకా పీలిస్తే ఇంకా పోతుంది. పోయింది మళ్లీ రాదు."

"నీకు తేలిందా?"

"నాకు తేలింది. పదిహేను మాటలు చదివితే నాలుగే చెప్పగలిగాను."

అప్పుడు వెర్నర్ అడిగాడు. "ఆ పదిహేనూ ఏంటో నీకు తెలుసా?"

ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఎగాన్ పరీక్ష రాసినవాళ్లందర్నీ అడిగి ఆ మాటలు పోగుచేసి ఇచ్చాడట, స్నేహితుడికి సాయం చేస్తున్నాననుకుని. ఎగాన్ బుర్ర కూడా థిన్నర్ తాగిందే కదా, ఎవరిని తిట్టను. మూడు వారాలు మా ఆయన కొట్టంలో తలుపేసుకుని గొడ్డలి, తులిప్, సబ్బు, రైలు అని వల్లె వేశాడు. ఏదో పాత పాట పాడుకుంటున్నాడని నేను మురిసిపోయాను కూడా.

పరీక్షలో పదిహేనుకి పద్నాలుగు చెప్పాడు. ఉత్తరం వచ్చింది. జ్ఞాపకశక్తి వయసుకు తగినట్టే ఉందట. చేస్తున్న పని కొనసాగించవచ్చట. మద్యపానం గురించి విచారించడం మంచిదట.

"పాసయ్యా చూడు," అన్నాడు వెర్నర్. మొహం వెలిగిపోతోంది.

నా చేతిలో తడిగుడ్డ ఉంది. అది అతని మొహాన కొట్టాను. "ఎవరు పాసవ్వమన్నారు నిన్ను? ఎవరు చదవమన్నారు?"

"మరి ముక్కూ మొహం తెలియని వాళ్లందరి ముందూ నేను మొద్దునని ఒప్పుకోమంటావా?"

జవాబు లేకపోతే నేను ఇంకా గట్టిగా అరుస్తాను, అరిచాను. నవంబరులో అతను మళ్లీ మెట్ల గదుల్లోకి వెళ్లాడు. కిటికీలకు పట్టాలు, హీటర్లు, లీటరు పాలు. మార్చి నెల వచ్చేసరికి అతను మాట మధ్యలో ఆగిపోయి, తను ఏం చెప్పబోయాడో నా మొహంలో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను ఎగాన్‌ని వెంటపెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక కిటికీ దగ్గర నుంచి ఇంకో కిటికీకి పంపారు, అక్కడి నుంచి మొదటి కిటికీకే పంపారు. ఏప్రిల్లో ఇంకోసారి పరీక్ష చేయడానికి ఒప్పుకున్నారు.

ఈసారి పరీక్ష చేసిన అమ్మాయి పేరు లిస్బెత్. ముప్పై ఏళ్లుంటాయేమో, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మొదటి రోజు ఆమె వెర్నర్‌ని ఏదడిగినా నేనే జవాబు చెప్పాను. నాలుగోసారికి ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఆస్టా గారూ, మీరు చాలా బాగా జవాబులు చెప్తున్నారు. కానీ నాకు మీ మెదడు పరీక్ష చేసే పని లేదు."

నా జన్మలో నన్ను ఎవరూ అలా నోరు మూయించలేదు. మూసుకున్నాను.

ఆమె నాకు ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఆరు వారాలు అతనికి సాయం చెయ్యొద్దంది. చీటీలు తీసెయ్యమంది, జేబులో ఏమీ పెట్టొద్దంది. ఏం మర్చిపోయాడో, ఎక్కడ తడబడ్డాడో, ఎవరి మీద కసిరాడో తేదీ వేసి రాయమంది. పాతవి గుర్తుంటే అవి కూడా రాయమంది. నిజం చెప్పాలంటే, ఆ పుస్తకం నేను చాలా ఇష్టంగా రాశాను. పదేళ్లుగా గోడలకు చెప్పుకున్నదంతా వినే దిక్కు దొరికింది. ఈస్టు ఐదుసార్లు. సైకిలు మూడుసార్లు. పొయ్యి ఆపకపోవడం లెక్కలేనన్ని సార్లు. మా చెల్లెలి అంత్యక్రియలకు ఒక రోజు ఆలస్యంగా తయారై, బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడడం. అది రాస్తుంటే చెయ్యి ఆగింది. అయినా రాశాను. అతను మళ్లీ ఆ ప్లాస్టిక్ పట్టాల వెనక్కి వెళ్లకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

జూన్‌లో మళ్లీ వెళ్లాం. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ పుస్తకం అతని ముందే చదవాలట. అతను విని, ఒప్పుకుని, సంతకం పెట్టాలట. ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదా. చెప్పి ఉంటే నేను సగం కూడా రాసేదాన్ని కాదు, అందుకే చెప్పలేదేమో.

లిస్బెత్ నెమ్మదిగా చదివింది. వెర్నర్ టోపీ ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఇరవయ్యో సంగతి దగ్గర నా వైపు తిరిగాడు.

"ఇదంతా నేనేనా?"

"కాదు, పక్కింటాయన."

"నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు."

"రోజూ చెప్తూనే ఉన్నాను వెర్నర్. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నాను. వీధి వీధంతా విన్నది, నువ్వు తప్ప."

లిస్బెత్ అది కూడా రాసుకుంది. పుస్తకం పూర్తయింది. ఆమె పెన్ను అతని చేతికిచ్చింది. "ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పండి వెర్నర్ గారూ. లేకపోతే ఇక్కడ సంతకం పెట్టండి."

అతను పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"ఒకటి రాయలేదు ఆస్టా."

నేను రాయనిది ఒకటుంది. మీకూ చెప్పలేదు. ఫిబ్రవరిలో నా ఎడమ మణికట్టు విరిగింది. మంచు మీద జారిపడ్డానని అందరికీ చెప్పాను. ఆ ఏడాది మంచు విపరీతంగా పడింది కాబట్టి ఎవరూ మళ్లీ అడగలేదు. మర్నాడు పొద్దున వెర్నర్ కూడా కట్టు చూసి "చేతికేమైంది?" అని అడిగాడు. మంచు అని అతనికీ చెప్పాను. ఈ మనిషి అన్నీ మర్చిపోతాడు, పోనీ ఇదొక్కటి మర్చిపోవడం మంచిదే అయిందనుకున్నాను. పుస్తకంలో రాస్తే ఇంకేముంది, తాగి పెళ్లాన్ని కొట్టేవాడని ముద్ర వేసి కేసు మూసేస్తారు. 'మద్యం' పక్కనున్న ఆ ప్రశ్నార్థకం కూడా తీసేస్తారు.

"వద్దు వెర్నర్," అన్నాను.

అతను లిస్బెత్‌కే చెప్పాడు. "ఫిబ్రవరిలో, రెండో బుధవారం. స్టేషను వెనక పన్నెండో నంబరు, నాలుగంతస్తుల మెట్లు, రెండో పూత. ఇంటికొచ్చాను. వెన్న ఏదని అడిగింది. నేను తేలేదు. మళ్లీ అడిగింది. తోసేశాను. సింకు అంచుకి తగిలి చెయ్యి విరిగింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె మీద చెయ్యి వెయ్యలేదు నేను."

"ఆ రోజు తాగారా?"

"పాలు. రెండు లీటర్లు."

లిస్బెత్ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అతని వైపు తిరిగి అడిగాను. "మర్నాడు చేతికేమైందని అడిగావు కదా నన్ను?"

"గుర్తుండే అడిగాను. నువ్వేం చెప్తావో వినాలని. నువ్వు మంచు అన్నావు. సరే, అలాగే అనుకోమంటోందని ఊరుకున్నాను."

నాలుగు నెలలు. పొయ్యి ఆపాలన్నది నాలుగు నిమిషాలు గుర్తుండని మనిషి, దీన్ని నాలుగు నెలలు నోరు విప్పకుండా మోశాడు. పక్కనే కూర్చుని రోజూ అతన్ని తిడుతున్న నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియని కోపం. లిస్బెత్ ఆ తేదీ, ఆ ఇంటి నంబరు, ఎన్నో పూత అన్నది కూడా వివరంగా రాసుకుంది. వెర్నర్ సంతకం పెట్టాడు.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. థిన్నర్ లాంటి ద్రావకాల ఆవిరి వల్ల మెదడుకు శాశ్వత నష్టం కలిగింది, జ్ఞాపకశక్తిలోనూ ఏకాగ్రతలోనూ స్వభావంలోనూ మార్పు వచ్చింది, ఇక ఆ పని చేయించకూడదు అని రాశారు. మద్యం మాట లేదు. డామ్‌గోర్ గారి భార్య బన్నుల కోసం వచ్చినప్పుడు ఆ ఉత్తరం మొత్తం ఆవిడకు చదివి వినిపించాను. అయ్యో అంది, ఈ రోజు బన్నులు కాస్త మాడాయి అంది, వెళ్లిపోయింది.

ఇంట్లో వెర్నర్‌కి కూడా చదివి వినిపించాను. అతను మొత్తం విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"స్వభావంలో మార్పు అంటే, నీ చెయ్యి సంగతేనా?"

"అదే."

"అది వార్నిషు వల్లేనంటున్నారా? నేను కాదంటున్నారా?"

"వార్నిషు వల్లే. ఇదిగో, రాశారు చూడు."

కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ రాత్రి చాలా కాలం తర్వాత నిద్రపోయాడు. నేనూ పడుకున్నాను, ఒక గండం గడిచిందనుకుని.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర నా మణికట్టు వైపు చూశాడు. నాలుగు నెలలు చూసినట్టే చూశాడు.

"ఆస్టా, నేనే కదా నీ చెయ్యి విరగ్గొట్టింది?"

ఉత్తరం తీసి మళ్లీ చదివాను. మళ్లీ ఊపిరి వదిలాడు. ఆ మర్నాడూ అడిగాడు. తోసిన రోజు అతనికి గంటతో సహా గుర్తుంది, ఉత్తరం మాత్రం తెల్లారేసరికి పోతుంది. ఉత్తరం ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. చూస్తాడు, ఏదో బిల్లు అనుకుంటాడు. ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ఇవాళ పొద్దున కూడా అడిగాడు. నాకు విసుగొస్తుంది, చెప్పొద్దూ. గొంతులో విసుగు కూడా వినపడుతుంది. అయినా కప్పు కింద పెట్టి, అతని మొహంలోకి చూస్తూ, వార్నిషు వల్లే వెర్నర్, నువ్వు కాదు అని చెప్తాను. ఆ ఒక్క క్షణం అతను నమ్ముతాడు.