రెండు కెమెరాలు, ఒకే బ్యాటరీ

రోజూ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా ఆవిడ ఒక నిర్ణయానికి రావాలి. ఇవాళ బ్యాటరీ ఎవరికి?

ఫోటోలు తీయడం ఆవిడ బతుకుతెరువు. ఇంట్లో కెమెరాలు రెండున్నాయి. రెండూ పాతవే, లోపల అద్దం లేని రకం బజారులో కొత్తగా వచ్చిన రోజుల్లో తయారైనవి. ఒకే కంపెనీవి కాబట్టి రెంటికీ ఒకే బ్యాటరీ పడుతుంది. అలాంటి బ్యాటరీలు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఉన్నవాటిలో ఒక్కటే ఇంకా ఛార్జి నిలుపుకుంటోంది. అందుకని ఒకరు పనికి వెళ్తే ఒకరు అలమారలో పడుకుంటారు.

పెద్దది బరువు. మెడలో వేసుకుంటే చంటిపిల్లను మోసినట్టుంటుంది. కానీ మనిషి ముఖాన్ని అది చూసినట్టు ఇంకేదీ చూడదు. చర్మం రంగు చర్మం రంగులాగే వస్తుంది. వెనకాల గోడా సామానూ మెత్తగా కరిగిపోయి, మనిషి మాత్రం మనతో మాట్లాడబోతున్నట్టు ముందుకొస్తాడు. కాకపోతే నిదానం. బొత్తాం సగం నొక్కితే లెన్సు ముందుకీ వెనక్కీ జరుగుతూ, చత్వారం వచ్చిన ముసలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు ఫోకసు కోసం వెతుక్కుంటుంది. అందుకే ఇంట్లో దాన్ని పెద్దావిడ అంటారు.

చిన్నదాని పేరు చిట్టి. కోటు జేబులో పడుతుంది. వెనక తెర పైకి లేస్తుంది కాబట్టి నడుం దగ్గర పట్టుకుని, వీధిలో ఎవరికీ అడ్డం లేకుండా బొమ్మలు తీసుకోవచ్చు. బొత్తాం నొక్కిపట్టుకుంటే పేలాలు వేగినట్టు టపటపా తీసుకుంటూ పోతుంది. పరిగెత్తే పిల్లి మీసాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అయితే వెలుతురు తగ్గిందా, బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు గింజలు. ముఖాలకు వెల్ల వేసినట్టు ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. పెద్దావిడ ఫోకసు కుదుర్చుకునేదాకా ఎదురుగా ఉన్నది ఆగుతుంది. ఏడుస్తున్న పసిబిడ్డ కన్నీటిబొట్టు బుగ్గ మీద సగం దారిలో నిలబడేది. గ్లాసులోకి పోస్తున్న నీళ్ళు దారంలా వేలాడేవి. గాలికెగిరిన కర్టెను ఎగిరినట్టే ఉండిపోయేది. పెద్దవాళ్ళు మెట్లెక్కుతుంటే వెనకవాళ్ళు కాస్త ఆగరూ, అలాగే. ఎవరికీ అందులో వింత కనిపించేది కాదు. ఆవిడ మాత్రం బొత్తాం మీద వేలు పెట్టేముందు, ఎదుట ఎవరున్నా, “ఒక్క క్షణం ఆపుతున్నానండీ” అని అడిగి మరీ ఆపేది.

ఆగడం వల్ల చిక్కు వచ్చింది వీధిలోనే. ఒకసారి వారపత్రికకు బజారు బొమ్మలు కావాలంటే పెద్దావిడను తీసుకువెళ్ళింది. మలుపు తిరుగుతున్న బస్సు మలుపులోనే నిలబడిపోయింది. డ్రైవరు ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, డిపోలో సంజాయిషీ చెప్పుకోలేక చస్తున్నానని, వీధిలోకి చిట్టినే తెమ్మని బతిమాలాడు. అప్పట్నుంచి ఇంట్లో అదే చట్టం. ముఖాలు పెద్దావిడకి, పరుగులు చిట్టికి.

ఆవిడ కూతుర్ని అందరూ గువ్వ అనేవారు. పదేళ్ళది. ఈత కొలనులో చేపే. పట్టణం డైవింగు జట్టులో చేరాలని దాని ఆశ. నెలాఖరుకి ఎంపిక పోటీ. ఈ ఏడాది తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ అడిగినా తీసుకోరు. కొలను మీదికి చాచి ఉన్న చిన్న పలక మీద నుంచి గువ్వ బాణంలా దూకేది. ఎత్తున ఉన్న పెద్ద పలక ఎక్కితే మాత్రం అంచుదాకా నడిచి, కాసేపు నిలబడి, తిరిగి నిచ్చెన మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగొచ్చేది.

“కాళ్ళు వణుకుతాయా?” అని తల్లి అడిగింది.

“కాళ్ళు కాదమ్మా. పైనుంచి దూకాక ఆలోచించుకోవడానికి టైమే ఉండదు. ఒకటి అనుకునేలోపే నీళ్ళొచ్చేస్తాయి.”

ఆ ఊళ్ళో వాళ్ళకు నా అన్నవాళ్ళు లేరు. పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే వచ్చి పక్కన కూర్చునే అత్తగానీ పిన్నిగానీ లేదు. అందుకని ఆవిడే అమ్మ, ఆవిడే అత్త, ఆవిడే పిన్ని అయి, ముగ్గురి బెంగా ఒక్కతే పడేది. భర్త రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నం వచ్చి, సాయంత్రమయ్యేసరికి గోడకి జారబడి కునుకు తీస్తుంటాడు. బెంగలో వాటా ఇద్దామన్నా నిద్రపోయే మనిషికి ఏమిస్తాం.

ఒక సాయంత్రం ఒక పసిబిడ్డ ఫోటోలు ముగించుకుని, పెద్దావిడను మెడలో వేసుకునే కొలనుకి వెళ్ళింది. గువ్వ పెద్ద పలక అంచున నిలబడి ఉంది. దిగొచ్చేలోగా ఆ ముఖం ఒక్కటి తీసుకుందామని తల్లి కెమెరా ఎత్తి, అలవాటు ప్రకారం తనలో తనే అనుమతి అడిగి, బొత్తాం సగం నొక్కింది. సరిగ్గా అప్పుడే దూకడం నేర్పే టీచరు పక్క పిల్లల కోసం ఈల ఊదింది. గువ్వ ఉలిక్కిపడి జారింది.

జారి, ఆగింది.

పలకకి రెండు మూరల కింద, చేతులు చాచి, నోరు తెరిచి, గాల్లో. లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటోంది. తల్లి వేలు వదల్లేదు. టీచరు తాపీగా కొలను అంచుకి నడిచొచ్చి, తలెత్తి చూసి, చెప్పడం మొదలుపెట్టింది. మోకాళ్ళు దగ్గరికి తెచ్చుకోమంది. గడ్డం రొమ్ముకి ఆనించమంది. కళ్ళు తెరిచి నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకోమంది. గువ్వ ఒక్కొక్కటే, తీరిగ్గా, చెప్పినట్టల్లా చేసింది. పెద్దావిడ ఆపింది పడడాన్నే గానీ, ఒళ్ళు సర్దుకోవడాన్ని కాదు కదా. చివరికి ఫోకసు కుదిరి కీచుమంది. గువ్వ కిందికి నిటారుగా దిగింది.

నీళ్ళలోంచి తల పైకి పెట్టి అది మొదట అన్న మాట, “ఇంకోసారి.”

ఆ రోజు నుంచి బ్యాటరీ సాయంత్రాలు పెద్దావిడదే అయింది. తక్కిన పిల్లలు కూడా అడిగారు. ఒక్క తన పిల్లకే ఆపడం తల్లికి తప్పనిపించి, వరసలో నిలబెట్టి అందరికీ తలొకసారి ఆపింది. టీచరు సంతోషం అంతా ఇంతా కాదు. తను ఇన్నేళ్ళూ అరిచిన అరుపులన్నీ పిల్లలు నీళ్ళలో పడ్డాకే చెవికి చేరేవనీ, మొదటిసారి మాట మనిషి కంటే ముందు చేరుతోందనీ అందరితో చెప్పుకుంది. ఆ సంతోషంలో ఒక్క సంగతి మర్చిపోయింది. పోటీ ముందురోజు గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది.

“ఏమనుకోకండమ్మా. రేపు పెద్దావిడను తేకండి. ఆపే కెమెరాలు పోటీల్లోకి రానివ్వరు. ఎప్పటి రూలో అది. ఎప్పుడూ పనిపడలేదు, మతికి రాలేదు.”

తల్లి ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. పిల్లకి లేని ఊతకర్ర అలవాటు చేశాను, ఇక చిన్న పలక నుంచి కూడా దూకదేమో, అంతా నా చేతులారా చేశాను అని ఒకటే గొణుగుడు. భర్త కునుకులోంచి ఒక కన్ను తెరిచాడు.

“నడక నేర్పేటప్పుడు వేలు పట్టుకోనిచ్చావు. అదీ తప్పేనా?”

“వేలు ఎప్పుడు వదిలేస్తామో ముందే తెలుసుకుని పట్టుకోనివ్వాలి కదండీ.”

“అలా తెలిసినవాళ్ళు ఎవరూ పిల్లల్ని కనలేదులే,” అని ఆయన మళ్ళీ కన్ను మూశాడు.

గువ్వకి దాచకుండా చెప్పింది. అది గోళ్ళు చూసుకుంటూ, రేపు ఎవరొస్తున్నారని అడిగింది. చిట్టి అని తల్లి చెప్పింది.

“అది ఆగదు కదమ్మా.”

“ఆగదు.”

గువ్వ దుప్పటి తల మీదికి లాక్కుంది.

పోటీ రోజు గేటు దగ్గర ఒకాయన రబ్బరు బంతి పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళ కెమెరా ప్రతిదీ బొత్తాం సగం నొక్కించి, దాని ముందు బంతి వదిలేవాడు. బంతి పడితే లోపలికి, ఆగితే బయటికి. ఒక తాతగారి కెమెరా ముందు బంతి కొంచెం తటపటాయించినట్టు కనిపించి పెద్ద వాదనే జరిగింది. చిట్టి ముందు బంతి ఠకీమని పడి, గేటాయన మోకాలికి తగిలి, కాలవలోకి దొర్లిపోయింది. దర్జాగా లోపలికి పంపించారు.

చిన్న పలక దూకుళ్ళు అయిపోయాయి. గువ్వకి మంచి మార్కులే వచ్చాయి. అయితే జట్టును ఏరేది పెద్ద పలక మీదే. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు, దూకారు. గువ్వ వంతు వచ్చింది. నిచ్చెన ఎక్కింది. అంచుదాకా నడిచింది. నిలబడింది.

పైనుంచి జనంలో వెతికి తల్లిని పట్టుకుంది. తల్లి చేతిలో చిట్టి ఉంది, అరచేతిలో ఇమిడిపోయి. ఆ దూరం నుంచి కూడా గువ్వ దాన్ని చూసిన సంగతి తల్లికి తెలిసింది. ఈల మోగింది. గువ్వ కదల్లేదు. ఇంకోసారి ఈల మోగితే దిగిపోవాలి. వెనక బెంచీలో ఎవరో పిల్లాడు, అది అక్కడే కాపురం పెట్టేట్టుందని జోకు వేశాడు. చెయ్యి ఊపకూడదు, అరవకూడదు, అదీ నియమమే. దిగొచ్చేస్తే ఏమీ అనను, తువ్వాలు చుట్టి ఇంటికి తీసుకుపోతాను అని తల్లి మనసులో అనుకుంది. అనుకుంటూనే, పిల్ల వైపు నుంచి చూపు తిప్పుకోకూడదని కెమెరా ఎత్తి తెరలోకి చూసింది.

గువ్వ దూకింది.

తల్లి బొత్తాం నొక్కిపట్టింది. చిట్టి టపటపా మొదలుపెట్టింది. తీస్తోంది, తీస్తోంది, తెర మీద బొమ్మ మారడం లేదు. కెమెరా పట్టేసిందని తల్లి కంగారుపడి తల పైకెత్తింది.

గువ్వ గాల్లోనే ఉంది. ఎదురు గోడ మీద గడియారం ముల్లు నడుస్తూనే ఉంది. అవతలి కొలనులో పిల్లలు నీళ్ళు చల్లుకుంటూనే ఉన్నారు. పైకప్పు సందులోంచి వచ్చిన పిట్ట ఒకటి గువ్వ పాదాల కిందనుంచి ఎగురుకుంటూ వెళ్ళిపోయింది. ఆగింది పిల్ల ఒక్కతే. టీచరు అలవాటుకొద్దీ మోకాళ్ళ గురించి చెప్పబోయి నోరు మూసుకుంది. మోకాళ్ళు అప్పటికే అతికించినట్టున్నాయి. గడ్డం వంగింది. చేతులు తలకి అటూ ఇటూ వచ్చి చేరాయి. అప్పుడు, ఎవరో మెల్లగా వదిలినట్టు, గువ్వ కిందికి దిగింది. కప్పులో చెంచా వేస్తే ఎంత చప్పుడో అంత చప్పుడు. అన్ని బెంచీలూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

జడ్జీలు చప్పట్లు ఆపించి, సంతలో దొంగను వెతికినట్టు కెమెరాలు వెతికించారు. గేటాయన బంతి తెచ్చి మళ్ళీ ప్రతిదాని ముందూ పడేశాడు. అన్నిసార్లూ పడింది. ఎవరూ అడక్కముందే తల్లి పరిగెత్తుకెళ్ళి, చిట్టి అడుగు మూత తెరిచి, బ్యాటరీ తీసి పెద్ద జడ్జీగారి అరచేతిలో పెట్టింది. “మా ఇంట్లో పనిచేసేది ఇదొక్కటేనండీ. పెద్దావిడ ఇంట్లో ప్రాణం లేకుండా పడుంది. కావాలంటే ఎవర్నైనా పంపి చూసుకోండి.”

జడ్జీగారు బ్యాటరీని అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చేశారు. “అక్కర్లేదమ్మా. రూలు కెమెరాల గురించి. పిల్లలు పైన ఎంతసేపు ఉండాలని ఎక్కడా లేదు.”

పక్కనున్న జడ్జీ, వచ్చే ఏడాది అదీ చేర్చాలన్నాడు.

“వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూసుకుందురుగాని,” అంది టీచరు. “ముందు మార్కులు వెయ్యండి.”

వేశారు. ఆ రోజు అంతకు మించిన మార్కులు ఎవరికీ పడలేదు. జట్టులోకి మొదట పిలిచింది గువ్వనే.

తల్లి గోడ పక్కకి వెళ్ళి బ్యాటరీ మళ్ళీ వేసి చూసుకుంది. కార్డు నిండా ఒకే బొమ్మ. లోపలి దీపాల మసక వెలుతుర్లో తీసింది కాబట్టి గింజలున్నాయి. వెనకాల పైపులూ బెంచీలూ కరగలేదు, అన్నీ అలాగే పడ్డాయి. అయినా ఆ ముఖం. కళ్ళు తెరిచి, పెదవులు బిగించి, ఏదో లెక్క చూసుకుంటున్న ముఖం. పెద్దావిడ కూడా ఇంత దగ్గరగా ఎప్పుడూ తియ్యలేదు. పరుగుల కోసం పుట్టిన చిట్టి తన జన్మలో మొదటిసారి ఒక ముఖాన్ని తీరిగ్గా చూసింది.

గువ్వ తువ్వాలు కప్పుకుని నీళ్ళోడుతూ వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నా నవ్వు ఆగడం లేదు. తల్లి దాని తల తుడుస్తూ, తన నోటికి ఎప్పుడూ వచ్చే ప్రశ్నే అడిగింది.

“భయం వెయ్యలేదా అమ్మా?”

“వేసింది. అది పోయేదాకా ఆగాను. పోయాక దిగాను,” అని తడి తువ్వాలు తల్లి భుజం మీద పడేసి, గువ్వ జట్టు పిల్లలు నిలబడ్డ వైపు పరిగెత్తింది.