గంటన్నర నడక

ఆరో సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతుండగా గడియారం సంగతి గుర్తొచ్చి, పంపు అక్కడే వదిలేసి షెడ్డు లోపలికి వెళ్లింది గంటన్నరమ్మ. తెడ్లు వేలాడదీసిన గోడకి పక్కన అలమరలో, రంగు డబ్బాల వెనక ఉందది. అరచేతంత అలారం గడియారం. కొంగుతో దుమ్ము తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, చెవి దగ్గర పెట్టుకుంది. నడుస్తోంది. సంచిలో పెట్టుకుని మళ్లీ పంపు దగ్గరికి వచ్చింది. మిగతా చక్రాలకి గాలి కొట్టడం పూర్తయ్యేసరికి ఆయాసం వచ్చింది. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుంది.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఊరంతటికీ ఆమె గంటన్నరమ్మే. ఆ పేరు రాతి వంతెన దగ్గరున్న బోర్డు మీదనుంచి వచ్చింది. 'పై రేవుకి నడక: గంటన్నర. అక్కడినుంచి చివరి పడవ: సాయంత్రం 5' అని పసుపు అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె కట్టింది ఆమె, రాసింది ఆమె, ఎవరైనా కాదంటే పోట్లాటకి దిగేదీ ఆమే. పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఆ ఊరు నది వంపులో ఉంది. పాత కోటగోడ, రాతి వంతెన, తిరగడం మానేసిన పిండిమర చూడటానికి జనం వస్తారు. వాళ్లకోసం మూడు దారులున్నాయి. పసుపు పాదం గుర్తున్నది నడకదారి, ఎర్ర చక్రం సైకిలు దారి, నీలం అల తెడ్డుపడవల దారి. ముప్పై ఒక్కేళ్లుగా ఆ గుర్తులకి రంగు వేసేదీ, బోర్డుల మీద నాచు గీకేదీ, అడ్డం వచ్చిన తుప్పలు కొట్టేదీ ఆమే. ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతి గుర్తు కనబడాలని ఆమె నియమం. కనబడకపోతే తప్పు మనిషిది కాదు, గుర్తుది.

అలాంటి మనిషికి పోయిన వారం ఒక దెబ్బ తగిలింది. పెద్ద వయసు దంపతులు బోర్డు నమ్మి మూడుంబావుకి బయల్దేరారు. పై రేవు చేరేసరికి పడవ వెళ్లిపోయింది. చీకట్లో వెనక్కి నడుస్తూ ఆయన కాలు బెణికించుకున్నాడు. వాళ్లు టూరిజం ఆఫీసుకి ఉత్తరం రాశారు. "కబుర్లు చెప్పుకుంటూ నడిచుంటారు, దానికి నేనేం చెయ్యను?" అని మొదట ఎగిరింది గంటన్నరమ్మ. కానీ ఆదివారం ఎవరికీ చెప్పకుండా తనే నడిచి చూసింది. కోట మెట్లు సగం ఎక్కేసరికే గంటన్నర అయిపోయింది. ఆ రోజు మెట్ల మీద కూర్చుని సిగ్గుతో తల దించుకుంది. ఇంకో అడుగు వేయలేక వెనక్కి వచ్చేసింది.

ఈ పొద్దున మ్యాపు ఆఫీసరమ్మాయి ఫోను చేసింది.

"కొత్త మ్యాపులో నడకదారి తీసేస్తున్నామండీ. సైకిళ్లూ పడవలూ ఉంటాయి. సాయంత్రం ఆరింటికి అచ్చుకి వెళ్లిపోతుంది."

"తీసెయ్యకమ్మా. తప్పు దారిది కాదు, అంకెది. ఆ అంకె నాది." ఈ మాట అనడానికి ఆమెకి నాలుగు రోజులు పట్టింది. "ఈ రోజు నడిచి సరైన అంకె చెప్తాను. అయిదు లోపల."

"మీరా? ఈ వయసులోనా?"

"ఈ వయసు వాళ్లకోసమేగా అంకె కావాల్సింది."

డాక్టరు ఆమెని మెట్లెక్కొద్దన్నాడు. ఎన్ని మెట్లో చెప్పలేదు గనక ఆ మాట తనక్కాదని సర్దిచెప్పుకుంది. ఫోనులో గడియారం ఉందిగా, ఆ పాతది ఎందుకని మరిది అడిగాడు. ఆమె భర్త నడిపిన పడవని ఇప్పుడు నడుపుతున్నది అతనే. "ఫోను ఇప్పుడెంతయిందో చెబుతుంది. నాక్కావల్సింది ఎంత పట్టిందో" అంది. షెడ్డు బల్ల మీద పసుపు రంగు డబ్బా, కుంచె తీసిపెట్టింది. "వచ్చాక బోర్డు మారుస్తా. ఎవరూ కదపొద్దు."

సరిగ్గా రెండింటికి బోర్డు దగ్గర నిలబడి, అలారం గడియారం ముళ్లని పన్నెండుకి తిప్పి, మొదటి అడుగు వేసింది.

గోడ వెంట దారి చదునుగా ఉంటుంది. అక్కడ ఆమె కాళ్లు పాత అలవాటు కొద్దీ తొందరపడ్డాయి. తనే ఆపుకుంది. కాలు బెణికిన ఆయన ఇలా నడిచి ఉండడు. గోడమీద పేర్లు చెక్కినవాళ్లని తిట్టుకుంటూ, పిండిమర దగ్గర నీళ్లు తాగుతూ, ప్రతి బెంచీ మీదా కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా గడియారం ఆపుదామా అనిపించింది. అయినా ఆపలేదు. మోకాళ్లు నొప్పెట్టేవాడికి కూర్చోవడం కూడా నడకలో భాగమే.

పిండిమర దాటాక ఒక నడివయసు ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని రాయి మీద కూర్చుని ఉంది.

"పై రేవు ఇంకా ఎంతసేపండీ?"

ఆ దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ ముప్పై ఒక్కేళ్లుగా ఆమె ఇచ్చే జవాబు ఒకటే: ఇదిగో, పది నిమిషాలు. నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది.

"నిజం చెప్పాలంటే గంట పైనే. మెట్లున్నాయి. వెనక్కి వెళ్తే మాత్రం అరగంటలో వంతెన."

ఆవిడ బతికానన్నట్టు నవ్వి వెనక్కి తిరిగింది. ఒక మనిషిని సగంలోనే తిప్పి పంపినందుకు గంటన్నరమ్మకి మొదటిసారి సంతోషం కలిగింది.

కోట మెట్లు నూట పద్దెనిమిది. నలభయ్యో మెట్టు దగ్గర ఎడమ భుజం లాగింది. డెబ్భయ్యో మెట్టు దగ్గర చెమట పట్టింది, ఎండ వల్ల కాదు. కూర్చుంది. సంచిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది. కింద నదిలో మరిది పడవ చిన్నగా కనబడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గంటన్నర ఎక్కడినుంచి వచ్చిందో. ఉద్యోగంలో చేరిన వారం అది. పెళ్లయి నెల కూడా కాలేదు. అయిదింటి పడవ నడిపేది ఆయన. కొత్త పెళ్లికూతురు మొగుడి పడవ అందుకోవాలని ఈ మెట్లన్నీ రెండేసి చొప్పున దూకింది. ఆ పరుగునే పసుపు రంగుతో బోర్డు మీద రాసి, లోకమంతా అలాగే నడవాలని ముప్పై ఒక్కేళ్లు దబాయించింది. పగలబడి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. రేవులో ఎదురుచూసేవాడు లేకపోతే ఎవరి కాళ్లయినా ఎందుకు పరుగెడతాయి?

"లే" అని తనకి తనే చెప్పుకుని లేచింది. మిగిలిన మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. అవతల రేవుకి దిగే దారిలో వాలిపోయిన ఒక గుర్తుకొయ్యని నిలబెట్టి, రాయితో కొట్టి, మట్టి తొక్కింది. ఆ సమయం కూడా లెక్కలో కలిసిపోయింది, పోనీ.

పై రేవు బల్ల మీద చెయ్యి ఆనించి గడియారం తీసింది. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. వెంటనే బ్యాటరీ ఊడదీసింది, ముళ్లు కదలకుండా. తర్వాత ఆఫీసరమ్మాయికి ఫోను చేసింది.

"రెండు గంటల ఇరవై అయిదు."

"అంతా?"

"కూర్చున్నది కూడా కలిపి. అంతకంటే త్వరగా వచ్చినవాళ్లు నది చూస్తూ కూర్చుంటారు, నష్టం లేదు. మధ్యాహ్నం రెండున్నర దాటితే బయల్దేరొద్దని కింద వేయించు. పడవ అందుతుంది."

అవతల కాసేపు కాగితాల చప్పుడు. "సరేనండీ. దారి ఉంటుంది. మీరన్నట్టే వేయిస్తాను."

గంటన్నరమ్మ ఫోను సంచిలో పెట్టుకుని రేవు మెట్టు మీద చాలాసేపు అలాగే కూర్చుంది. గెలిచినట్టు లేదు ఆమెకి, ఎన్నాళ్లదో బాకీ తీరినట్టుంది.

అయిదింటికి పడవ వచ్చింది. మరిది చెయ్యి అందిస్తే, ఎప్పుడూ విదిలించి కొట్టే మనిషి, ఈసారి పట్టుకుని ఎక్కింది. అతను కాస్త కంగారుపడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా వదినా?"

"బాగానే ఉంది. మెల్లిగా పోనీ, తొందరేం లేదు."

ఆ నోట ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. తెడ్డు మెల్లిగా వేశాడు. ఆమె వెనక బల్ల మీద, అన్న ఉన్నప్పుడు తను కూర్చునే చోటే, గోడకి ఆనుకున్నట్టు పడవ అంచుకి ఆనుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోట దాటింది, పిండిమర దాటింది. ఏదో చెబుతుందని అతను రెండుసార్లు వెనక్కి చూశాడు. నది వైపు చూస్తోంది.

వంతెన కింద పడవ రేవుకి తగిలింది.

"వదినా, దిగు."

ఆమె దిగలేదు.

మూడోనాడు మరిది షెడ్డు తెరిచి, బల్ల మీద ఆమె తీసిపెట్టిన డబ్బా, కుంచె పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్లాడు. అతని చేతిలో అక్షరాలు కాస్త వంకరపోయాయి గాని అంకె మాత్రం సరిగ్గానే వచ్చింది. కింద ఆమె ఫోనులో చెప్పిన ముక్క కూడా, ఆఫీసరమ్మాయిని అడిగి రాశాడు. మ్యాపు వచ్చింది, పసుపు దారి అందులో ఉంది. ముసలివాళ్లు రెండింటికే బయల్దేరి, బెంచీల మీద కూర్చుంటూ, అయిదింటి పడవకి తీరిగ్గా వస్తున్నారు.

సైకిలు అద్దెకి వచ్చినవాళ్లు అలమరలోని గడియారం చూసి, ఆగిపోయిందని అతనికి చెబుతుంటారు. "తెలుసండీ" అంటాడు. రెండూ ఇరవై అయిదు చూపిస్తున్న ఆ గడియారం పక్కనే, ఆమె ఊడదీసిన బ్యాటరీ ఉంటుంది.