వెనక వచ్చే నీడ

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెని అందరూ చిగుళ్ళమ్మాయి అనేవారు. గులాబీరంగు మైనంతో చిగుళ్ళు తీర్చిదిద్దడం ఆమె పని. ఆమె భర్తకి జువ్వ అని పేరు. ఊళ్ళోని పళ్ళ డాక్టర్ల దగ్గర సుద్దతో పోసిన నోటి అచ్చులు తీసుకుని, ఊరవతల ఉన్న ఆ ల్యాబుకి మోటారుసైకిల్ మీద చేరవేసేవాడు. అచ్చుల పెట్టె వెనక కట్టుకుని రోడ్డెక్కాడంటే ఇక కనిపించేది పొగే. నిజానికి తొందరేమీ లేదు. పళ్ళు లేనివాళ్ళు ఇంకో పూట ఆగలేకపోరు. అయినా బండెక్కితే అతనికి ఒళ్ళు తెలిసేది కాదు. దారిలో అచ్చుల ముక్కులూ మూతులూ రాలి, ఒకసారి ఒకాయన కిందిపళ్ళు ఇంకొకాయన పైపళ్ళతో జతకట్టాయి కూడా.

సాయంత్రం ఆమె బస్సులో ముందే ఇల్లు చేరేది. కాసేపటికి అతను వచ్చేవాడు. అతని తరవాత అతని నీడ వచ్చేది.

మరి అంత వేగంగా పోతే నీడ మాత్రం ఎంతకని అందుకుంటుంది? మొదట్లో నాలుగడుగులు వెనకబడేదట. పెళ్ళయ్యేనాటికి పూర్తిగా విడిపోయి, రోడ్డు పట్టుకుని నడిచి రావడం మొదలుపెట్టింది. వీధిలో ఇదెవరికీ పెద్ద విషయం కాదు. వాచ్‌మన్ గేటు వేసేముందు, "అయ్యగారి నీడ వచ్చేసిందామ్మా, ఇంకా రావాలా?" అని అడిగేవాడు. భోజనాలయ్యాక ఎప్పుడో అది ఆయాసపడుతూ గడప దాటి, గోడవారగా వచ్చి, అతని కాళ్ళకి అతుక్కుని కూలబడేది. తుడిచిన గచ్చంతా దుమ్ము చేసిందని అత్తగారు సణిగేవారు. సణుగుడు నీడ మీదే కానీ కొడుకు మీద కాదు. కన్నకొడుకుని ఏమీ అనలేని తల్లులకి ఇలాంటి నీడొకటి చేతికందుబాటులో ఉండడం మంచిదే.

చిగుళ్ళమ్మాయికి మాత్రం గుండెల్లో రాయి పడి ఉండేది. అతను వచ్చి నీడ రాకపోతే ఫరవాలేదు, ఆలస్యమైంది అనుకోవచ్చు. ఏదో ఒకరోజు అతను రాకుండా నీడ ఒక్కటే వస్తేనో? ఆ మాట పైకి అనడానికి కూడా నోరు రాక, మెల్లగా వెళ్ళండి అని రోజూ చెప్పేది. అతను రోజూ సరేననేవాడు.

అలా ఉండగా ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసింది. ఆయిల్ ఉందో లేదో చూడకుండా తోలితే ఏ ఇంజన్ అయినా అంతేనని మెకానిక్ చీవాట్లు పెట్టాడు. సిలిండర్ బోరు చేయించి, కొత్త పిస్టన్ వేసి, బండి అప్పగిస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "బాబూ, వెయ్యి కిలోమీటర్లు అయ్యేదాకా నలభై దాటకు. పిస్టన్ కొత్తకోడలు లాంటిది. ఇంటికి అలవాటుపడనివ్వాలి. ఇప్పుడే ఉరుకులు పెట్టించావో, మళ్ళీ పట్టేస్తుంది."

ఆ తరవాతి రోజులు ఆ ఇంట్లో పండు వెన్నెలే. జువ్వ నలభై మీద వెళ్ళి నలభై మీద వచ్చేవాడు. నీడ అతనితోపాటే గడప దాటేది. రెండు వారాల్లో దాని బడలిక తీరి నల్లగా నిగనిగలాడింది. అత్తగారికి సణగడానికి ఏమీ దొరక్క కోడలి వంట మీద పడ్డారు. చిగుళ్ళమ్మాయి అదీ సంతోషంగానే పడింది. పెళ్ళయ్యాక మొదటిసారి పక్క మీద వాలగానే ఆమెకి నిద్రపట్టేది.

జువ్వకి మాత్రం ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుండేది. మోపెడ్లవాళ్ళు కూడా దాటి వెనక్కి తిరిగి నవ్విపోతున్నారు. మీటరు చూస్తే ఇంకా మూడు వందలు మిగిలే ఉన్నాయి. ఒక సెలవురోజు ఆమె స్నానం చేసి వచ్చేసరికి, అతను వాకిట్లో బండి ముందు చతికిలబడి ఉన్నాడు. ముందుచక్రం దగ్గర మీటరు తీగ విప్పి, దాని కొసని, ఆమె ల్యాబునించి తెచ్చుకున్న, కట్టుడు పళ్ళకి మెరుగుపెట్టే చిన్న మోటారుకి తగిలించాడు. మోటారు గిర్రున తిరుగుతోంది. కదలని బండి మీద మీటరు తొంభైలో ఉంది.

"అదేంటండీ?"

"వెయ్యి పూర్తి చేస్తున్నా. చూడు, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది."

"మీటరు తిరిగితే పిస్టన్ తిరిగినట్టా?"

"మెకానిక్ వెయ్యి అన్నాడు. మీటరూ వెయ్యి అంటుంది. మధ్యలో నీకేంటి?"

ఆమె మోటారు లాక్కుందామనుకుంది. అప్పటికే తొమ్మిది వందలు దాటిపోయింది.

మర్నాడు పొద్దున్న వీధి చివరి దాకా అతని బండి మోత వినబడింది. ఆ రోజంతా ల్యాబులో ఆమె చేసిన చిగుళ్ళన్నీ వంకరే.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే గడప దగ్గర ఏదో కదిలింది. చిగుళ్ళమ్మాయి తలెత్తి చూసింది. నీడ. ఒక్కటే వచ్చింది. ఎప్పటిలా నేల మీద కూలబడకుండా గోడకి జారబడి నిలబడింది. దాని గుండెల మీద వేలు పట్టేంత చిల్లులు మూడు. వాటిలోంచి వెనకున్న తెల్లసున్నం కనిపిస్తోంది.

ఆమె గోడ దగ్గరికి వెళ్ళింది. "ఆయనేరీ?" అని నీడనే అడిగింది. నీడ తల వంచుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. అత్తగారు చీపురు పక్కన పడేసి వచ్చి, ఏనాడూ లేనిది, గోడ మీద దాని భుజం నిమిరారు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వీధిలోకి పరిగెత్తింది. నీడ గోడలు పట్టుకుంటూ వెనకే బయల్దేరింది.

వీధి మలుపులో చైను కిర్రుమంటున్న చప్పుడు వినబడింది. జువ్వ వస్తున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. బండి తోసుకుంటూ, మెకానిక్‌ని తిట్టుకుంటూ వస్తున్నాడు.

"దిక్కుమాలిన పిస్టన్, మళ్ళీ పట్టేసింది" అన్నాడు. "అక్కణ్ణుంచి తోసుకొస్తున్నా. ఫోన్ అచ్చుల పెట్టెలో..."

ఆమె మాట పూర్తికానివ్వలేదు. నడివీధిలో అతని చొక్కా గుండీలు విప్పేసి గుండెలంతా తడిమింది. చెమట తప్ప ఏమీ లేదు. లోపల గుండె దడదడా కొట్టుకుంటోంది.

"ఏంటే ఇది, అందరూ చూస్తున్నారు" అని అతను సిగ్గుపడ్డాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. ఏం జరిగిందో చెప్పమంది.

చెప్పడానికి పెద్దగా ఏముంది? పొద్దు వాలి వీపు మీద ఎండ కొడుతోంది. ఇన్ని రోజులూ అతనితోపాటే తిరగడం అలవాటైన నీడ ఈసారి వెనకబడలేదు. రోడ్డు మీద పొడుగ్గా ముందు పరిగెడుతోంది. మూలమలుపు ఇంకా కాస్త ఉందనగా ఇంజన్ పట్టేసింది. వెనకచక్రం ఈడ్చుకుపోతుంటే క్లచ్ నొక్కి ఎలాగో ఆపుకున్నాడు. బండి ఆగింది కానీ నీడ ఆగలేకపోయింది. అదే ఊపులో మలుపు తిరిగిపోయింది. తరవాత అతను తోసుకుంటూ వెళ్తే, మలుపు అవతల చెడిపోయిన లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఉంది. వెనక ఇనుప చువ్వలు బారెడు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎర్రగుడ్డయినా కట్టవేంటయ్యా అని డ్రైవర్ని నాలుగు దులిపి వచ్చాడు.

"చువ్వలు ఎంత ఎత్తులో ఉన్నాయి?" అని ఆమె అడిగింది.

అతను చెయ్యెత్తి చూపించబోయాడు. ఆ చెయ్యి ఛాతీ దగ్గర ఆగిపోయింది. అప్పుడే నీడ వచ్చి అతని పాదాలకి అతుక్కుంది. తన నీడలో మూడు చోట్ల ఎండ పడి ఉండడం చూశాడు. బండి స్టాండయినా వెయ్యకుండా, గోడకి ఆనించి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"అమ్మయ్య" అంది చిగుళ్ళమ్మాయి. అతని పక్కనే కూలబడి మళ్ళీ అంది. నవ్వుతూ అంది, ఏడుస్తూ అంది. వెనకే రొప్పుతూ వచ్చిన అత్తగారు కొడుకుని ఎగాదిగా చూసి, వాడు పుట్టాక మొదటిసారి వాడి వీపు మీద ఒక్కటిచ్చారు. ఇచ్చి, అక్కడే చెయ్యి ఆనించి ఉంచేశారు.

మెకానిక్ మళ్ళీ పిస్టన్ మార్చాడు. ఈసారి వెయ్యీ రోడ్డు మీదే పూర్తయ్యాయి. ఆ తరవాత ఎంత వేగమైనా పోవచ్చని మెకానికే చెప్పాడు. జువ్వ ఒకసారి యాక్సిలరేటర్ తిప్పి చూశాడు. పక్కన రోడ్డు మీద నీడ ఛాతీ పట్టుకుని వంగిపోవడం కనిపించింది. వెంటనే చెయ్యి సడలించాడు. అది నిటారుగా కూర్చునేదాకా ఆగి, మెల్లగా బయల్దేరాడు.