కుడో గారి ఒక్క రాత్రి కాపురం

కుడో గారు ఊరి నుంచి ఓసాకాకు బయలుదేరేటప్పుడు భార్య మత్సుయో మరీ మరీ చెప్పింది. "పెట్టెలో పన్నెండు మంజూలున్నాయి. దారిలో చెయ్యి పెట్టారో, ఊరుకోను. అమ్మాయి గురక పెడుతుందని అక్కడ నోరు జారకండి."

మంజూలంటే ఎర్రచిక్కుళ్ల పూర్ణం మిఠాయిలు. స్వయంగా చేసి పంపుతున్నానని మత్సుయో అవతలివాళ్లకు ఫోనులో చెప్పేసింది కూడా. వాటితో మర్నాడు, ఓసాకాలోనే ఉద్యోగం చేస్తున్న కూతురు చినత్సు ఇష్టపడిన కుర్రాడి తల్లి నిషివాకి గారిని కలిసి, పెళ్లికి సరే అనిపించుకోవాలి. ఆవిడ సామాన్యురాలు కాదు. పోయినేడు ఒక పిల్ల గుమ్మంలో చెప్పులు వంకరగా విడిచిందని సంబంధమే వద్దనేసిన ఘనురాలు.

హోటళ్లన్నీ నిండిపోయి, చివరికి ఆయనకు గూళ్ల హోటల్లో చోటు దొరికింది. గోడల పొడుగునా రెండు వరసల గూళ్లు, తలుపులకు బదులు తెరలు, పాకి లోపలికి దూరడమే. కుడో గారికి లోపల కూర్చున్నా మనసు కుదుటపడలేదు. కొత్త ఇంట్లో దిగితే ఎదుటి మూడిళ్లకూ పక్క రెండిళ్లకూ వెళ్లి, ఏదో ఒకటి చేతిలో పెట్టి పలకరించడం ఆయన చిన్నప్పటి నుంచీ ఎరిగిన మర్యాద. ఒక్క రాత్రైనా కాపురం కాపురమే. పైగా తన గురక సంగతి తనకు తెలియంది కాదు. ఐదు పోతే ఏడుంటాయి, చాలనుకున్నారు.

పక్క తెర ముందు మోకాళ్ల మీద కూర్చుని దగ్గారు. "కొత్తగా దిగానండీ, కుడో అంటారు. ఇవాళ్టికి నా గురక కాస్త భరించాలి."

తెర సందులోంచి తల బయటికొచ్చింది. "పొద్దున్నే ఖాళీ చేసే గూటికి గృహప్రవేశం కూడానా!" అంటూనే మంజూ అందుకుంది.

ఐదూ అయ్యేసరికి పై వరసలోంచి ఒకాయన వంగి చూశాడు. "పెద్దాయనా, మేడమీద వాళ్లం మనుషులం కామా? గురక పైకి రాదా?"

న్యాయమే కదా. పైవాళ్లకిచ్చాక వాళ్ల పక్కవాళ్లను వదిలేస్తే ఏం బాగుంటుంది? తీరా చూస్తే పెట్టె ఖాళీ.  కుడో గారు ఖాళీ పెట్టెను తెర బయట పెట్టి, ఇక నిద్రెక్కడిది అనుకుంటూనే గురక లంకించుకున్నారు.

పొద్దున లేచేసరికి పెట్టె నిండా వస్తువులున్నాయి. పుచ్చుకున్నవాళ్లు బదులివ్వకుండా ఊరుకుంటారా! డబ్బా కాఫీ, మేజోళ్లు, నడుం నొప్పి పట్టీలు, అడుగున నిద్రలో చప్పుడు వినపడకుండా చెవుల్లో పెట్టుకునే బిరడాల జత, సీలు తీయనిది, దానికో చీటీ.

అబద్ధం చేతకాని మనిషి కనుక నిషివాకి గారి ముందు పెట్టె తెరిచి జరిగిందంతా చెప్పి తలవంచారు. ఆవిడ ఒక్కొక్కటీ తీసి చూసి, చీటీ పైకి చదివింది. "మొదటి జత మీ గురక ముందు నిలవలేదు. ఇది ఇంట్లోవాళ్లకు ఇవ్వండి."

తండ్రి పక్కనే కూర్చున్న చినత్సు ముఖం కందిపోయింది. నిషివాకి గారు ఆ పిల్లను ఎగాదిగా చూసి, బిరడాలు కొడుకు వైపు జరిపింది. "ఒరే యూతో, దాచుకో. పిల్లది తండ్రి పోలికలా ఉంది."

"అక్కర్లేదమ్మా, నా దగ్గర రెండు జతలున్నాయి," అని యూతో నాలుక్కరుచుకున్నాడు.

కుడో గారు టీ కప్పులోంచి తలెత్తలేదు.

"అయితే అన్నయ్యగారూ," అంది నిషివాకి గారు, "ముహూర్తం కాస్త తొందరగానే పెట్టించాలి."