రేపొస్తుందండీ

ఏలూరు వన్ టౌన్‌లో వెంకటరత్నం గారి కిరాణా కొట్టుకి బోర్డు లేదు. ఆ ఏడాది బోర్డుతో పని కూడా లేకపోయింది. వీధి మొదట్లో నిలబడి చెవి పెడితే చాలు, 'హెక్' మని వినపడిన వైపు నడిస్తే కొట్టు వచ్చేసేది.

ఎక్కిళ్ళు. అందరికీ వస్తాయి, గ్లాసుడు నీళ్ళు తాగితే పోతాయి. ఆయనకి పట్టినవి మాత్రం ఎక్కడమే గానీ దిగడం తెలియని ఎక్కిళ్ళు. వినాయక చవితి ముందు ఒక ఆదివారం, ఫోను పెట్టేసి గల్లాపెట్టె దగ్గర కూర్చోగానే మొదలయ్యాయి. దీపావళి టపాకాయలన్నీ పేలిపోయాక కూడా ఇవి పేలుతూనే ఉన్నాయి. ముద్ద నోట్లో పెడితే ఎక్కిలి. కన్ను మూస్తే ఎక్కిలి. నిండు బియ్యం బస్తాలా ఉండే మనిషి, దులిపేసిన గోనెసంచిలా అయిపోయారు.

"ఎవరో తలుచుకుంటున్నారండీ," అనేవారు బేరానికి వచ్చినవాళ్ళు. తలుచుకునేవాళ్ళ పేరు సరిగ్గా చెబితే ఎక్కిలి ఆగుతుందన్నది ఊరందరికీ తెలిసిన వైద్యం కాబట్టి, కందిపప్పు పొట్లం కట్టేలోగా తలా ఒక పేరూ విసిరేవారు.

"మీ గూడెం బావమరిదిగారేమో?" హెక్.

"భీమవరం చిన్నాన్నగారండీ?" హెక్.

"ఇన్‌కంటాక్సు వాళ్ళేమోనండీ?"

దానికి మాత్రం ఎక్కిలి ఒక్క క్షణం ఆగింది, భయానికి. మళ్ళీ హెక్.

ఒక్క పేరు మాత్రం ఎవరూ అనేవారు కాదు. భ్రమరాంబ గారు ఆ ఆషాఢంలోనే పోయారు. పొద్దున్నే పప్పులో ఉప్పు వేసి, గరిటెడు తెచ్చి ఆయన అరచేతిలో వేసి, "సరిపోయిందో లేదో చూడండి," అని వంటింట్లోకి తిరిగి వెళ్ళి, అక్కడే కూలబడిపోయారు. ఉప్పు సరిపోయింది. ఆ మాట వినడానికి ఆవిడ ఆగలేదు.

వెంకటరత్నం గారు ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించారు, పెద్దకర్మ రోజున వంటవాళ్ళకి బియ్యం తనే కొలిచి ఇచ్చారు, మర్నాడు కొట్టు తీశారు. ఎంత గుండె ధైర్యమో అంది వీధి. వీధికేం తెలుసు, ధైర్యం వేరు, గడ్డకట్టిన బెల్లం వేరు.

డాక్టరుగారు ఇ.సి.జి. తీశారు. "గీతలన్నీ భేషుగ్గా ఉన్నాయండీ," అన్నారు. గీతలు బాగానే ఉన్నాయి, రాతే బాగాలేదన్నమాట.

"అమ్మగారు పోయాక మీరు ఏడ్చారాండీ?"

"తీరికేదండీ, హెక్, పెళ్ళిళ్ళ సీజను."

"అదేనండీ. లోపలుండిపోయింది. బయటికి రావాలి."

పక్కనే ఉన్న కూతురు విజయదుర్గకి ఆ మాట చాలింది. వట్లూరులో ఇంజనీరింగు కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పే అమ్మాయి. సమస్య ఉంటే సాధించాలి, సాధన ఉంటే సమాధానం ఉండాలి. నాన్నని ఎలాగైనా ఏడిపించాలని తీర్మానించుకుంది. ఇలాంటి కూతుళ్ళు చాలామంది ఉంటారు గానీ, చెప్పి మరీ చేసేవాళ్ళు తక్కువ.

మొదటి ప్రయత్నం తాడేపల్లిగూడెంలో జరిగింది. భ్రమరాంబ గారి తమ్ముడు సూర్యనారాయణ అక్కడ ఉల్లిపాయల మార్కెట్టులో కమీషన్ వ్యాపారి. మేనకోడలు ఫోను చేయగానే, "అదెంత పనే, పంపించు," అన్నాడు.

"ఉల్లము కదలాలంటే ఉల్లి ఉండాలి బావగారూ," అంటూ ఆయన్ని బస్తాల మధ్య కూర్చోబెట్టి, పళ్ళెం నిండా ఉల్లిపాయలు తరిగి ముక్కు కింద పెట్టాడు. సూర్యనారాయణకి కళ్ళు మండాయి. తరవాత కారాయి. తరవాత అక్క గుర్తొచ్చింది. "చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పేది బావా," అని మొదలెట్టి, పళ్ళెం పక్కన పెట్టేసి భోరుమన్నాడు. బస్తాలు మోసే నలుగురూ వచ్చి చుట్టూ నిలబడి వాళ్ళూ తుండుగుడ్డలు తీశారు.

వెంకటరత్నం గారు పొడికళ్ళతో బావమరిది వీపు నిమిరారు. రెండో చేత్తో ఒక ఉల్లిపాయ తీసి నొక్కి చూశారు.

"ఈ సరుకు తడిసింది సూరీ. నిలవుండదు. తొందరగా, హెక్, తోలేయి."

రెండో ప్రయత్నానికి ముందు ఆ కొట్టు పద్ధతి ఒకటి చెప్పాలి.

వెంకటరత్నం గారి తండ్రి ఆయన్ని మొదటిసారి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టినప్పుడు చెప్పింది ఒక్కటే. కొట్లో 'లేదు' అనకూడదు. ఆ మాట వింటే లక్ష్మీదేవి చెప్పులు వేసుకుంటుంది. ఉప్పు అయిపోదు, నిండుకుంటుంది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. కొట్టు మూయరు, కట్టేస్తారు. అడిగిన సరుకు డబ్బాలో లేకపోతే 'రేపొస్తుందండీ' అనాలి. మరీ గుచ్చి గుచ్చి అడిగితే లారీని గుండుగొలనులో ఆపాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ లారీ అక్కడే ఆగి ఉంది.

అలాంటి మనిషిని విజయదుర్గ వట్లూరు కల్యాణమండపంలో జరిగే 'సంపూర్ణ స్వస్థత శిబిరం'లో చేర్పించింది. నడిపేవాడు శ్రీనాథ్ అని, తెల్లటి పైజామా వేసుకుని, చొక్కా గుండీకి మైకు తగిలించుకున్న కుర్రాడు. మంచివాడే. మనుషులు బాగుపడాలని నిజంగానే అనుకునేవాడు. పొద్దున ధ్యానం. మన ఆయనకి ధాన్యం తెలుసు గానీ ధ్యానం తెలీదు; కళ్ళు మూసుకుని స్టాకు సరిచూసుకున్నారు. మధ్యాహ్నం మొలకలు. అవి చూసి, పెసలకి చెమ్మ తగిలిందని జాలిపడ్డారు.

రెండో రోజు దిళ్ళు పంచారు.

"మన శరీరాన్ని మనం చూసుకోవాలంటే ముందు మూడు మాటలు నేర్చుకోవాలండీ," అన్నాడు శ్రీనాథ్. "వద్దు, కాదు, లేదు. ఇవి నోట్లోంచి రాకపోతే ఒంట్లో ఉండిపోతాయి. మీ ఎదురుగా ఉన్నది దిండు కాదు, మీరు లేదనలేని మనిషి. చెప్పేయండి."

మండపం దద్దరిల్లింది. బ్యాంకు మేనేజరుగారి భార్య, "మీ అక్కయ్యగారింటికి నేను రానండీ, రానంటే రాను," అంటూ బాదిన బాదుడుకి దిండు చిరిగి దూది ఎగిరింది. మేనేజరుగారు వెనక వరసలో తన దిండు చాటున దాక్కున్నారు.

వెంకటరత్నం గారు దిండుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. శ్రీనాథ్ పక్కన చతికిలబడ్డాడు.

"మీకు తేలిగ్గా చేస్తానండీ బాబాయిగారూ. నేను మీ కొట్టుకొచ్చాను. కందిపప్పు ఉందా అని అడిగాను. మీ దగ్గర లేదు. ఏమంటారు?"

"రేపొస్తుందండీ."

"లేదనండి."

"లారీ గుండుగొలనులో ఆగిందండీ. సాయంత్రానికి దిగిపోద్ది."

"లారీ బోల్తా పడిందనుకోండి."

"అయ్యయ్యో. ఇంకో లారీ ఉందండీ వెనకాల."

"అసలు దేశంలోనే కంది పండటం మానేసిందనుకోండి బాబాయిగారూ."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "పెసరపప్పు ఇమ్మంటారాండీ?" అన్నారు. హెక్.

ఆ సాయంత్రం శ్రీనాథ్ గదిలో తలుపేసుకుని ఒక దిండు తనకోసం వాడుకున్నాడని చెప్పుకుంటారు.

విజయదుర్గకి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఎక్కిళ్ళు మొదలైన ఆదివారం ఆయన పెట్టేసిన ఫోను ఎవరిదో ఆయనకొక్కరికే తెలుసు.

ఆకివీడులో మిషన్ స్కూలు టీచరు స్నేహలత. చిన్నప్పుడు ఆవిడా భ్రమరాంబా ఏలూరు మిషన్ కాంపౌండులో ఒకే బల్ల మీద కూర్చుని లేసు అల్లిక నేర్చుకున్నారు. ఒకావిడది చర్చి, ఒకావిడది గుడి, ఇద్దరిదీ ఒకటే దారపు ఉండ. పెళ్ళిళ్ళయ్యాక ప్రతి ఆదివారం ఆరాధన అవగానే స్నేహలత ఫోను చేసేది. సెల్లులు ఇంకా అందరి చేతికీ రాని రోజులు. కొట్టులో ల్యాండ్‌లైనే ఇంటికీ దిక్కు. కొల్లేట్లో నీళ్ళెంత వచ్చాయి, కొంగలు దిగాయా లేదా, పువ్వు దగ్గర కుట్టు ఎలా తిప్పాలి, ఇవే మాటలు. కొట్టుకొచ్చినవాళ్ళు పొట్లాలు పట్టుకుని వినేవారు.

భ్రమరాంబ పోయినప్పుడు స్నేహలత, భర్త ఆపరేషనుకని వేలూరులో ఉంది. తాళం వేసి ఉన్న ఆ ఇంటికి విజయదుర్గ ఫోను చేసి చేసి ఊరుకుంది. వాళ్ళు తిరిగొచ్చిన ఆదివారం కొట్లో ఫోను మోగింది.

"అన్నయ్యగారూ, భ్రమర ఉందాండీ?"

మనిషి కంటే ముందు నోరు మాట్లాడింది. "రేపొస్తుందమ్మా."

ఫోను పెట్టేశారు. హెక్.

మరుసటి ఆదివారం అన్నవరం వెళ్ళిందన్నారు. ఆపైన ద్వారకా తిరుమల మొక్కు. ఆపైన పాలకొల్లు, మేనత్తగారిల్లు. పాపం, బతికుండగా కొట్టు దాటించని మనిషి, పోయాక ఆవిడ చేత రెండు గోదావరి జిల్లాల్లోనూ యాత్రలు చేయించారు. అబద్ధమని తెలుసు. చెప్పేద్దామనే ప్రతి ఆదివారం ఫోను ఎత్తేవారు. కానీ ఆకివీడులో ఒక మనిషి ఉంది, ఆవిడ లెక్కలో భ్రమరాంబ ఇంకా రేపు రాబోతోంది. ఆ ఒక్క లెక్కనీ కొట్టేయడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

కార్తీకమాసంలో ఒక సోమవారం, స్నేహలత సెలవు పెట్టి, చేతిసంచీతో బస్సు దిగి కొట్టు ముందుకొచ్చింది.

"రేపొస్తుందని నిన్న చెప్పారుగా అన్నయ్యగారూ. అందుకని నేనే వచ్చాను."

వెంకటరత్నం గారు లేచి నిలబడ్డారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. "సోడా తాగుతావామ్మా?" హెక్.

"ఏమీ వద్దండీ. బండి ఏ టైముకి? రానివ్వండి, సాయంత్రం బస్సుదాకా ఉంటాను." బెల్లం బుట్టల పక్కన బల్ల మీద కూర్చుని సంచీలోంచి తెల్లటి లేసు తీసింది. "టేబుల్ క్లాతండీ. సగం నేను అల్లాను, సగం తను అల్లింది. అతకడమే మిగిలింది. ఆపరేషను మూలాన నాదే ఆలస్యమైంది. తను తిడుతుంది."

సూది కదులుతోంది. ఎక్కిలి పేలుతోంది. పక్కవీధి రాజకుమారి గారు వచ్చారు.

"జీడిపప్పు ఉందాండీ?"

డబ్బా ఖాళీ. "రేపొస్తుందండీ," అన్నారాయన.

స్నేహలత చేతిలో సూది ఆగిపోయింది. అదే మాట. అదే మెత్తదనం. ఫోనులో విన్నప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే.

రాజకుమారి గారికి ఈ కొత్తావిడ ఎవరో తెలీదు. సరదాగా అంది. "ఈయన రేపొస్తుందన్నారంటే ఇంక రాదనేనండీ లెక్క. వీధంతటికీ తెలుసు."

స్నేహలత లేసు ఒళ్ళో పెట్టుకుని ఆయన వంక చూసింది.

"అన్నయ్యగారూ. భ్రమర ఉందా?"

"రే..." అన్నారు. హెక్. "రే..." ఆ పూట లారీ గుండుగొలను నుంచి కదల్లేదు. ఆయన గల్లాపెట్టె అంచు పట్టుకున్నారు.

"లేదమ్మా," అన్నారు. "భ్రమరాంబ లేదు."

పెళ్ళాన్ని పేరు పెట్టి అనడం ఆయనకి అదే మొదలు. ఆ తరవాత ఆయన గల్లాపెట్టె మీద తల ఆనించి ఏడ్చిన ఏడుపు కొల్లేరు గట్టు తెగినట్టు వీధి చివరిదాకా పారింది. ఎదురు కొట్టువాళ్ళు తూకం ఆపి వచ్చారు. రాజకుమారి గారు నోరు నొక్కుకుని, ఏడుస్తూనే పొట్లాలు కట్టే కాగితాలు అందించింది, కళ్ళు తుడుచుకోవడానికి. స్నేహలత ముందు ఏడ్చింది. తరవాత లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని తిట్టింది.

"ఎన్ని ఆదివారాలండీ? ద్వారకా తిరుమల వెళ్ళిందన్నారు. నా కోసం లడ్డూ దాచమని కూడా చెప్పానే మీకు?"

"దాచానమ్మా," అన్నారాయన వెక్కుతూ. "నేనే వెళ్ళి తెచ్చాను. పైన అలమారలో ఉంది. కాస్త బూజు పట్టింది."

ఆవిడకి ఏడుపులోంచి నవ్వొచ్చింది. నవ్వులోంచి మళ్ళీ ఏడుపొచ్చింది. ఏది ఏ వరసలో వచ్చిందో రాజకుమారి గారు తరవాత వీధికి చెప్పాలని ప్రయత్నించింది గానీ కుదరలేదు.

కాలేజీ నుంచి వచ్చిన విజయదుర్గ, మెట్ల కింద నాన్న కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉండటం చూసి ఉల్లిపాయలు కోశారేమోననుకుంది. పైకి వెళితే స్నేహలత ఆంటీ అమ్మ అలమార తెరిచి కూర్చుంది. ఆవిడ ఒడిలో లేసు రెండు సగాలూ ఉన్నాయి. ఇద్దరూ ఆ సాయంత్రం బస్సు టైము చూసుకోకుండా అతుకు వేశారు. అమ్మ సగం కుట్లు కాస్త బిగువు, ఆంటీవి కాస్త వదులు. మధ్యలో గీత కనపడుతూనే ఉంది.

"పోనీ కనపడనీ," అంది స్నేహలత.

రాత్రి విజయదుర్గ పప్పు చేసి కంచం పెట్టింది. వెంకటరత్నం గారు మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. విజయదుర్గా స్నేహలతా ఊపిరి బిగబట్టారు. ముద్ద లోపలికి వెళ్ళింది. రెండోది కూడా.

"ఉప్పు సరిపోయింది," అన్నారాయన, వంటింటి గుమ్మం వైపు చూస్తూ. మారు అడిగి పెట్టించుకున్నారు.

మర్నాడు పొద్దున రాజకుమారి గారు వచ్చారు. వీధి మొదట్లో చెవి పెడితే ఏమీ వినపడక, కొట్టు దాటిపోయి వెనక్కి రావలసి వచ్చింది.

"జీడిపప్పు వచ్చిందాండీ?"

"లేదండీ."

ఆవిడ కంగారుగా సంచీ కింద పెట్టి లోపలికి తొంగి చూసింది. "ఏమ్మా దుర్గా, ఒకసారి రామ్మా. నాన్నగారికి మళ్ళీ ఒంట్లో బాలేనట్టుంది."